మూత మీద నిప్పులు: తెలుగింటి రొట్టె విద్య

రొట్టె అనే మాటకు తెలుగు వంటిళ్లలో ఉన్న అర్థం చాలా విశాలమైనది. జొన్నపిండిని మరిగే నీళ్లతో కలిపి, చేత్తో తట్టి, పెనం మీద కాల్చినదీ రొట్టే. మినపపిండిలో బియ్యపురవ్వ కలిపి మూకుడులో రెండంగుళాల మందాన ఎర్రగా కాల్చినదీ రొట్టే. తాటిపండు గుజ్జులో రవ్వా బెల్లమూ కలిపి సన్నసెగ మీద చాలాసేపు మగ్గనిచ్చినదీ రొట్టే. వీటిలో వేటికీ గోధుమపిండితో గానీ, బజారులో అమ్మే ఈస్టుతో గానీ, బేకరీలలో కనిపించే మూసిన పొయ్యితో, అంటే ఓవెన్‌తో గానీ పనిలేదు. పిండిని నలువైపుల నుంచీ తగిలే పొడిసెగతో కాల్చడమే బేకింగ్ అనుకుంటే, ఆ పని తెలుగు ఇళ్లలో తరతరాలుగా మూకుడు, మూత, నిప్పులు అనే మూడింటితోనే జరుగుతూ వచ్చింది. ఈ విద్య పుస్తకాలలో కన్నా చేతుల్లోనే ఎక్కువగా నిలిచింది కనుక, ఇందులో ఎంత సూక్ష్మమైన శాస్త్రం ఇమిడి ఉన్నదో చేసేవారికే తెలుసు, తినేవారికి తెలిసింది తక్కువ.

ఆ సూక్ష్మతను గ్రహించాలంటే ముందు ధాన్యం స్వభావాన్ని తెలుసుకోవాలి. గోధుమపిండిలో నీళ్లు పోసి పిసికినప్పుడు అందులోని గ్లయడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వలగా ఏర్పడతాయి. పిండి పులిసేటప్పుడు పుట్టే వాయువును ఈ వల పట్టి ఉంచుతుంది కాబట్టే బ్రెడ్డు పొంగుతుంది; ఈ వల సాగుతుంది కాబట్టే చపాతీ పలుచగా వత్తినా తెగదు. తెలుగు నేల మీద తరతరాలుగా కడుపు నింపిన వరి, జొన్న, సజ్జ, రాగులలో ఈ గుణం లేదు. వీటి పిండిని చన్నీళ్లతో కలిపితే ముద్ద కడుతుంది గానీ వత్తగానే అంచులు పగులుతాయి. ఈ లోటును పూడ్చడానికి ఇక్కడి ఆడవాళ్లు రెండు మార్గాలు కనిపెట్టారు. ఒకటి, మినుములోని జిగురును తోడు తెచ్చుకోవడం. రెండోది, మరిగే నీటితో ధాన్యంలోని పిండిపదార్థాన్నే జిగురుగా మార్చుకోవడం. మొదటి మార్గం దిబ్బరొట్టెకు, రెండోది జొన్నరొట్టెకు దారితీసింది.

దిబ్బరొట్టెకే మినపరొట్టె అని మరో పేరు. దిబ్బలా ఎత్తుగా ఉంటుందని మొదటి పేరు, మినపపప్పు ప్రధానం కనుక రెండోది. గోదావరి జిల్లాల్లో దీనికున్న ఆదరణ ఎక్కువ. ఒక గ్లాసు మినపపప్పుకు రెండు గ్లాసుల బియ్యపురవ్వ సాధారణమైన కొలత. కరకరలాడే పెచ్చు కన్నా లోపలి మెత్తదనం ఎక్కువ కావాలనుకునేవారు రవ్వ కొంచెం తగ్గిస్తారు. పప్పును నాలుగు గంటలు నానబెట్టి, వీలైనంత తక్కువ నీళ్లతో, గాలి చేరి నురగలా తేలికయ్యేదాకా రుబ్బాలి. రవ్వను విడిగా కడిగి, నీళ్లు గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి మూతపెడతారు. కొందరు రెండు మూడు గంటలకే పొయ్యెక్కిస్తారు, కొందరు రాత్రంతా పులియనిస్తారు. పిండి ఇడ్లీపిండి కన్నా గట్టిగా ఉండాలన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, ఎందుకంటే పలచబడిన పిండి అంత మందాన నిలబడదు, లోపల ఉడకదు.

రాత్రంతా ఉంచిన పిండిలో జరిగే మార్పును శాస్త్రజ్ఞులు ఇడ్లీపిండి ద్వారా వివరంగా పరిశీలించారు. 1965లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఇడ్లీపిండి పొంగడానికి ముఖ్యకారణం ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్ అనే బాక్టీరియా అని తేల్చింది. బయటి నుంచి ఎవరూ కలపని ఈ సూక్ష్మజీవి పప్పుతోనూ బియ్యంతోనూ సహజంగా వచ్చి చేరుతుంది. పిండిలోని చక్కెరలను తిని ఒకవైపు లాక్టిక్ ఆమ్లాన్నీ మరోవైపు కార్బన్ డయాక్సైడ్‌నూ విడుదల చేస్తుంది. ఆమ్లం పులుపునిస్తే, వాయువు పొంగునిస్తుంది. ఆ వాయువు తప్పించుకుపోకుండా ఆపేది మినుములోని మాంసకృత్తులూ జిగటపదార్థమూ కలిసి ఏర్పరచిన నురగ. గోధుమలో గ్లూటెన్ చేసే పనిని ఇక్కడ అది చేస్తుంది. పాశ్చాత్యుల ఇళ్లలో సావర్‌డో అనే పులిసిన పిండితో చేసే బ్రెడ్డుకూ ఈ రొట్టెకూ ఇక్కడ దగ్గరి చుట్టరికం ఉంది, ఎందుకంటే రెండింటికీ పులుపునిచ్చేవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బాక్టీరియాలే. 2020లో లాక్‌డౌన్ కాలంలో అనేక దేశాల్లో జనం సావర్‌డోను కొత్తగా నేర్చుకుని మురిసిపోయారు. అదే కోవకు చెందిన విద్య తెలుగింట్లో ఎప్పటి నుంచో ఉన్నదన్న ఎరుక మనకు ఉండవలసినంత లేదు.

అసలు నైపుణ్యం కాల్చడంలో ఉంది. మందమైన ఇనప మూకుడులో రెండు మూడు చెంచాల నూనె వేసి, అది వేడెక్కాక పిండిని దిబ్బలా పోసి, మూతపెట్టి, మంటను బాగా తగ్గించాలి. కట్టెల పొయ్యిలూ బొగ్గుల కుంపట్లూ ఉన్న రోజుల్లో మూత మీద కూడా నిప్పులు పోసేవారు. కింది సెగ మూకుడు గోడల మీదుగా పాకి అంచులను కాలుస్తుంది, పై నిప్పులు మూతను వేడెక్కించి రొట్టె నెత్తిని ఎరుపెక్కిస్తాయి, పిండిలోంచి లేచిన ఆవిరి మూత కింద చిక్కుకుని నడిమి భాగాన్ని ఉడికిస్తుంది. ఓవెన్ చేసేది కూడా ఇంతకుమించి ఏమీ లేదు. గ్యాసు పొయ్యి వచ్చాక పైసెగ పోయింది కనుక, ఒకవైపు కాలాక తిరగేసి రెండోవైపు కాల్చడం అలవాటైంది. రుచి దగ్గరగానే ఉంటుంది గానీ, నిప్పుల మధ్య కదలకుండా కాలిన రొట్టెకు వచ్చే సమమైన రంగు దీనికి రాదు.

సన్నమంట మీద ఇరవై నిమిషాల నుంచి అరగంట పట్టే ఈ పనిలో తొందర పనికిరాదనడానికి స్పష్టమైన కారణం ఉంది. రొట్టె లోపల తడి ఉన్నంతవరకూ అక్కడి వేడి నీరు మరిగే స్థాయిని, అంటే 100 డిగ్రీల సెల్సియస్‌ను దాటదు. నూనెలో ఉన్న అడుగుభాగం మాత్రం తడి ఆరిపోయి 140 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో మాంసకృత్తులలోని అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి ఎర్రని రంగునూ కమ్మని వాసననూ పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించిన ఈ చర్యకు ఆయన పేరే స్థిరపడింది. మంట పెంచితే పెచ్చు నల్లబడుతుంది, లోపల పచ్చిగా మిగులుతుంది. పైన కరకరా, లోపల దూదిలాంటి మెత్తదనమూ ఒకే ముక్కలో దొరకాలంటే, లోపల ఉడకడానికి పట్టే కాలమూ అడుగు ఎర్రబడడానికి పట్టే కాలమూ ఒకటయ్యేలా మంటను కుదుర్చుకోవాలి. వంటసోడా వేసి పొంగించే దగ్గరిదారి ఒకటి ఉంది కానీ అది మెచ్చదగినది కాదు. సోడా బుడగలనిస్తుందే తప్ప పులిసిన పిండి కమ్మదనాన్ని ఇవ్వలేదు, పైగా దాని క్షారగుణం వల్ల పప్పులోని బి1 విటమిన్ కొంత నశిస్తుంది.

ఇలా కాల్చిన రొట్టెను గోదావరి ప్రాంతంలో చెరకు పానకంతో, అంటే బెల్లం వండేటప్పుడు ముద్దకట్టకముందే తీసిపెట్టిన పలుచని పాకంతో తింటారు. అల్లప్పచ్చడితోనో కొత్త ఆవకాయతోనో తినేవారూ ఉన్నారు. శ్రావణ భాద్రపదాలలో తాటిపళ్లు రాలే రోజుల్లో ఇదే పద్ధతిలో తాటిరొట్టె తయారవుతుంది. పండును పీచు నుంచి పిసికి తీసిన గుజ్జుకు బియ్యపురవ్వ, బెల్లం, కొబ్బరి చేరుస్తారు. ఆ ఇంటి ముందు నడిచే వారికి కూడా లోపల ఏం కాలుతున్నదో వాసనే చెబుతుంది.

తెలంగాణ వంటిల్లు ఇదే సూత్రాన్ని మరోలా వాడుకుంది. సర్వపిండికి ఆ పేరు దాన్ని కాల్చే సర్వ అనే గుండ్రని లోతైన పాత్ర వల్ల వచ్చింది. తపాలచెక్క, గిన్నెప్ప అన్న పేర్లు కూడా పాత్రల మీదుగా ఏర్పడినవే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, వెల్లుల్లి, కరివేపాకు, ఉల్లికాడలు కలిపి, ఆ ముద్దను నూనె రాసిన పాత్ర లోపలి గోడకు పలుచగా అద్దుతారు. తర్వాత వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేస్తారు. ఆ చిల్లుల్లోంచి ఆవిరి బయటికి పోతుంది, నూనె అడుగుకు చేరుతుంది, దానితో రొట్టె అంతటా ఒకే తీరున కాలుతుంది. పాత్ర వంపు వల్ల నడుమ కరకరలాడుతూ అంచుల వైపు మెత్తబడుతూ పోయే రొట్టె ఇది. ఒకటి తీశాక పాత్ర చల్లారితే గానీ రెండోదానికి పిండి అద్దడం కుదరదు. అందుకే పాత్రను బోర్లించి వీపు మీద నీళ్లు పోయడమో, రెండు పాత్రలను మార్చి మార్చి వాడడమో చేస్తారు.

జొన్నరొట్టెలో మూతా లేదు, పులియడమూ లేదు; ఉన్నదంతా నీళ్ల వేడి, అరచేతి బలం. బాగా మరిగిన ఎసరును పిండిలో పోస్తే, జొన్నలోని పిండిపదార్థపు రేణువులు నీటిని పీల్చి ఉబ్బి జిగురెక్కుతాయి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే ఈ మార్పు జరగదు, రొట్టె విరుగుతుంది. ఆ ముద్దను అరచేతి కింది భాగంతో ఎంత మర్దిస్తే అంత మెత్తనవుతుంది. పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, రెండు చేతులతో తడుతూ పోతే అది తనంతట తానే తిరుగుతూ విస్తరిస్తుంది; నేర్పున్న చేతుల కింద దాని అంచు దారం పట్టి గీసినట్టు గుండ్రంగా వస్తుంది. తెలంగాణలో పెంక అనీ కోస్తాలో పెనం అనీ పిలిచే ఇనప రేకు మీద దాన్ని వేసి, పైభాగాన్ని వెంటనే తడిగుడ్డతో తుడుస్తారు. పొడిపిండి మాడకుండా, పైపొర ఎండి పగలకుండా కాపాడేది ఆ తడే. తడి ఆరగానే తిప్పి, చివర నిప్పుల సెగ చూపితే లోపలి ఆవిరి రెండు పొరలనూ విడదీసి రొట్టెను పొంగిస్తుంది. పిండి కూడా తాజాగా పట్టించినదై ఉండాలి. నిల్వపిండి చేదెక్కుతుంది, జిగి కోల్పోతుంది.

ఈ రొట్టె ఇంటి భోజనం నుంచి తప్పుకోవడం వెనుక నేర్పు లోపించడం ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. నీటివసతి పెరిగి వరి విస్తరించడం, 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించడం వల్ల జొన్న తిన్న ఇళ్లలోనూ అన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. మెట్టపంటలకు కూడా అదే ఆదరణ దక్కి ఉంటే బాగుండేదన్నది మాత్రం నిజం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించేనాటికే హైదరాబాదు వీధుల్లో సాయంత్రం పూట పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టే మహిళలు పట్టణానికి పాత రుచిని మళ్లీ అలవాటు చేశారు. ఇంట్లో చెల్లని పనికి వీధిలో విలువ దొరికింది.

ఇక ఈ రొట్టెలు ఇచ్చే ఊరట సంగతి. వేడి జొన్నరొట్టెను పాలలో చిదిమి బెల్లం కలిపి పిల్లలకూ పళ్లు లేని పెద్దలకూ పెట్టడం, పుంటికూరతోనో వెల్లుల్లికారంతోనో పొలం నుంచి వచ్చినవారికి వడ్డించడం, సంక్రాంతి రోజుల్లో నువ్వులద్దిన సజ్జరొట్టెలు కాల్చడం, ఇవన్నీ కడుపు నింపడంతో పాటు మనిషిని కుదుటపరిచే తిండి. నెల్లూరులోని బారాషహీద్ దర్గా వద్ద మొహర్రం సమయంలో జరిగే రొట్టెల పండుగ ఈ భావానికి బహిరంగ రూపం. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం, ఆరోగ్యం అంటూ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె పేరుంటుంది. కోరిక ఉన్నవారు స్వర్ణాల చెరువు నీటిలో నిలబడి, అది ఇదివరకే తీరినవారి చేతుల నుంచి ఆ రొట్టెను అందుకుంటారు, తమ కోరిక ఫలించాక మళ్లీ వచ్చి మరొకరికి రొట్టె ఇస్తారు. అన్ని మతాలవారూ పాల్గొనే ఈ ఆచారంలో చేతులు మారేది ఆభరణమో ధనమో కాదు, కాల్చిన రొట్టె.

ఈ విద్య కొత్తగా మొదలుపెట్టదలచిన పాఠకులు జొన్నరొట్టెతో కాక దిబ్బరొట్టెతో ఆరంభించడం మేలు, ఎందుకంటే తట్టడం చేతికి పట్టుబడడానికి నెలలు పడుతుంది, మూకుడు మాత్రం మొదటి రోజు నుంచే సహకరిస్తుంది. మందమైన మూకుడు, బిగువైన మూత, అరగంట తీరిక ఉంటే చాలు. పదిహేను నిమిషాలదాకా మూత తీయవద్దు. మొదటి రొట్టె అడుగు మాడితే పిండిలో దోషం వెతకనక్కర లేదు. మంట ఎక్కువైంది, రెండోదానికి తగ్గించండి.