మొదటి అడుగు నేర్పే విద్య

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి నేలమీద నుంచి లేచిన క్షణానికీ, దాన్ని అందుకున్న క్వార్టర్‌బ్యాక్ దాన్ని విసిరే క్షణానికీ మధ్య సాధారణంగా 3 సెకన్లకు అటూ ఇటూగా మాత్రమే గడుస్తుంది. ఆ కాస్త వ్యవధిలోనే, దారికి అడ్డంగా నిలిచిన 140 కిలోల మనిషిని తోసుకునో, తప్పించుకునో, చుట్టుతిరిగో ముందుకు పోయి, విసరబోతున్నవాణ్ణి పడగొట్టవలసిన బాధ్యత డిఫెన్సివ్ లైన్‌ది. బంతి తమ చేతిలో లేని జట్టు తరఫున అందరికంటే ముందు నిలిచే ముగ్గురు లేక నలుగురు ఆటగాళ్ళ వరుసకు ఆ పేరు. ఈ ఆటలో ఒక్కో వరుసకు ఒక్కో గురువు ఉంటాడు. జట్టంతటికీ బాధ్యుడైన హెడ్ కోచ్‌ను, రక్షణ వ్యూహం మొత్తాన్ని రచించే డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను ప్రేక్షకులు గుర్తుపెట్టుకుంటారు గాని, అరచెయ్యి ఎదుటివాడి ఒంటిమీద ఎక్కడ పడాలో, కాలు ఏ కోణంలో దిగాలో ఏళ్ళ తరబడి నేర్పే లైన్ కోచ్ పేరు అతని శిష్యుల నోట తప్ప పెద్దగా వినబడదు. ఆ విద్య ఎంత లోతైనదో, దాన్ని పై పదవికి మెట్టుగా మాత్రమే చూడటం ఎంత పొరపాటో రాడ్ మారినెల్లీ వృత్తిజీవితం తెలియజేసినంత స్పష్టంగా మరొకటి తెలియజేయదు.

విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను బంతితో సహా ఆట మొదలైన గీతకు వెనకే పడగొట్టడాన్ని 'సాక్' అంటారు. ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాడిగా లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు ఆటగాడు డీకన్ జోన్స్‌ను చెప్పుకుంటారు, అయితే జాతీయ ఫుట్‌బాల్ లీగ్ దాన్ని ఆటగాడి ఖాతాలో అధికారికంగా లెక్కపెట్టడం 1982లోగాని మొదలుకాలేదు. జోన్స్ కాలంలో ముందు వరుసవాడి ప్రధాన ఆయుధం చేత్తో ఎదుటివాడి తలమీద బలంగా చరచడం. 1977లో లీగ్ దాన్ని నిషేధించింది. మరుసటి ఏడాదే, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఆటగాళ్ళు చేతులు చాచి, అరచేతులు తెరిచి అడ్డుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఈ రెండు మార్పులతో పోరు తలల నుంచి చేతులకు మారింది: ఎదుటివాడి చెయ్యి తన ఛాతీని తాకకముందే దాన్ని కొట్టివేయడం, మోచేతి కిందుగా తన చెయ్యిని దూర్చి పైకి లేపడం, భుజం మీదుగా ఈతగాడిలా చెయ్యి తిప్పి దాటిపోవడం వంటివన్నీ కండబలంతో మాత్రమే సాధ్యంకాని, పాఠంగా నేర్చుకుంటేగాని రాని సూక్ష్మాలుగా రూపొందాయి. లైన్ కోచ్ ఉద్యోగం ఒక శాస్త్రంగా మారడానికి వెనుక ఈ నిబంధనల చరిత్ర ఉంది.

అయినా చేతులు రెండో పాఠమే. మొదటిది, అన్నిటికంటే కష్టమైనది, బంతి కదలగానే కదలడం. క్వార్టర్‌బ్యాక్ గొంతెత్తి పలికే సంకేతాలు అతని జట్టుకు ముందే తెలుసు గనుక ఎప్పుడు కదలాలో వారికి తెలుస్తుంది. ఎదుటివారు ఆ గొంతును నమ్మి ముందుగా గీత దాటితే 5 గజాల శిక్ష పడుతుంది, గొంతు ఆగేదాకా ఆగితే అవకాశం చేజారుతుంది. అందువల్ల డిఫెన్సివ్ లైన్‌మన్ చెవిని పక్కన పెట్టి కంటితోనే ఆడవలసి ఉంటుంది: ఒక చెయ్యి నేలకు ఆనించి, నడుము వంచి, చూపును బంతిమీద నిలిపి, అది వెంట్రుకవాసి కదలగానే శరీరమంతా ఒక్కసారిగా ముందుకు దూకాలి. ఆలోచనకు ఇక్కడ చోటు లేదు. ఆలోచించేలోపే ఎదుటివాడు సిద్ధపడిపోతాడు. చెవి చెప్పేదాన్ని వినకూడదని శరీరానికి నేర్పడం వేల పునరావృత్తుల పని, బోధకుడికీ శిష్యుడికీ సమానంగా విసుగు పుట్టించే పని. ఆ విసుగును భరించగల ఓర్పే ఈ వృత్తికి మూలధనం.

1949లో కాలిఫోర్నియాలోని రోజ్‌మీడ్‌లో పుట్టిన మారినెల్లీ వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తరఫున పనిచేసి వచ్చిన తరువాత కాలిఫోర్నియా లూథరన్ కళాశాల జట్టులో ఆడారు. సొంత ఊరి హైస్కూల్‌లో 1973లో శిక్షకుడిగా మొదలుపెట్టి, యూటా స్టేట్, కాలిఫోర్నియా, అరిజోనా స్టేట్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల మీదుగా సాగి, 1996లో టోనీ డంగీ హెడ్ కోచ్‌గా చేరిన టాంపా బే బకనీర్స్ జట్టుకు డిఫెన్సివ్ లైన్ కోచ్‌గా వచ్చేనాటికి ఆయనకు 46 ఏళ్ళు నిండాయి. వృత్తి క్రీడాకారులకు పాఠం చెప్పే అర్హత సంపాదించడానికి ముందు రెండు దశాబ్దాలకు పైగా విద్యార్థులకు పాఠం చెప్పిన మనిషి ఆయన. ఆయన బోధనలోని నిలకడకు ఈ సుదీర్ఘ సాధనే కారణమై ఉండాలి.

టాంపాలో డంగీ, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మాంటీ కిఫిన్ కలిసి తీర్చిదిద్దిన రక్షణ పద్ధతి ఊరి పేరుతోనే 'టాంపా టూ'గా ప్రసిద్ధికెక్కింది. క్వార్టర్‌బ్యాక్ మీదికి అదనపు మనుషులను పంపకుండా, ముందు వరుసలోని నలుగురితోనే అతన్ని తొందరపెట్టి, మిగిలిన ఏడుగురినీ వెనక మైదానాన్ని కాపాడటానికి ఉంచడం ఆ పద్ధతిలోని కీలకం. దీనిలో ఒక ప్రమాదం ఉంది: ఆ నలుగురు నెగ్గకపోతే వెనకున్న ఏడుగురు ఎంత సమర్థులైనా ఎక్కువసేపు నిలువలేరు. అంటే వ్యూహకర్త తన పథకం భారమంతా లైన్ కోచ్ భుజాలమీద పెట్టాడన్నమాట. ఆ నలుగురిలోనూ ముఖ్యమైన స్థానం 'త్రీ టెక్నిక్'. ఎదుటి వరుసలో మధ్యనుండే సెంటర్‌కు ఇరుపక్కలా నిలిచేవారిని గార్డులంటారు. ఆ గార్డు వెలుపలి భుజానికి ఎదురుగా నిలిచి, ఒకే సందును లక్ష్యంగా పెట్టుకుని దూసుకుపోయే ఆటగాడి స్థానమిది. 1995లో టాంపా ఎంపిక చేసుకున్న వారెన్ సాప్ ఈ స్థానంలో ఆడి 1999లో లీగ్‌లోకెల్లా ఉత్తమ రక్షణ ఆటగాడిగా నిలిచాడు, 2000లో 16.5 సాక్‌లు సాధించాడు, 2013లో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందాడు. వరుస చివర నుంచి దూసుకొచ్చే సిమియన్ రైస్ 2002లో 15.5 సాక్‌లు సాధించాడు. 1999 నుంచి 2003 వరకు బకనీర్స్ వరుసగా 69 ఆటల్లో కనీసం ఒక్క సాక్ అయినా సాధించిన రికార్డు 2020లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ దాటేదాకా నిలిచింది. సాప్ ప్రతిభావంతుడే, రైస్ ప్రతిభావంతుడే; కాని ప్రతిభకు మంచిరోజులు, చెడ్డరోజులు ఉంటాయి గనుక, 69 ఆటల పాటు తెగని వరుసలో ప్రతిభతో పాటు అలవాటును, ఆ అలవాటు వెనుక ఉన్న గురువును కూడా చూడటం న్యాయం.

ఆ అలవాటును కాపాడిన సాధనాల్లో ఒకటి 'లోఫ్' అనే లెక్క. ఆట ముగిశాక కోచ్‌లు చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ ఆపి చూస్తూ, బంతి వైపు పరుగెత్తేటప్పుడు వేగం తగ్గించినవాడికి, తన పక్కవాడు తనను దాటిపోయేలా నడిచినవాడికి, నేలమీద పడి వెంటనే లేవనివాడికి ఒక్కో లోఫ్ చొప్పున రాస్తారు. లోఫ్ అంటే సోమరితనమనే అర్థం; తప్పు చేయడానికి, ప్రయత్నించకపోవడానికి మధ్య గీత గీసి, రెండోదాన్ని మాత్రమే క్షమించకపోవడం ఈ లెక్కలోని నీతి. చెయ్యి తప్పుగా పెట్టినవాడికి మళ్ళీ నేర్పవచ్చు. పరుగు ఆపినవాడికి నేర్పగలిగింది ఏమీ లేదని ఈ పద్ధతి అంటుంది. మారినెల్లీ తరువాత పనిచేసిన జట్లలోనూ దీన్ని వదల్లేదు.

2003 జనవరి 26న శాన్ డియేగోలో జరిగిన, లీగ్ విజేతను తేల్చే సూపర్ బౌల్‌లో బకనీర్స్ 48-21 స్కోరుతో ఓక్‌లాండ్ రైడర్స్‌ను ఓడించింది. రైడర్స్ క్వార్టర్‌బ్యాక్ రిచ్ గానన్ 5 సార్లు సాక్ అయ్యాడు, అతను విసిరిన 5 బంతులను టాంపా ఆటగాళ్ళు అందుకున్నారు, వాటిలో 3 నేరుగా టచ్‌డౌన్‌లయ్యాయి. వెనక వరుసవాళ్ళు బంతిని అందుకోవడమే కెమెరాలకు కనిపించినా, గానన్‌కు నిలకడగా నిలబడి విసిరే వీలు లేకుండా చేసినవారు ముందున్న నలుగురు. ఈ ఆటలో ఒకరి శ్రమ మరొకరి పేరుమీద జమ అవుతుంది. లైన్ కోచ్ శ్రమయితే రెండింతలు అలా జమ అవుతుంది.

ఈ విజయాల ఫలితంగా 2006లో డెట్రాయిట్ లయన్స్ ఆయన్ను హెడ్ కోచ్‌గా నియమించింది. అంతకుముందు ఆయన ఏ వృత్తి జట్టులోనూ కోఆర్డినేటర్ పదవి చేపట్టలేదు, అంటే నలుగురి గురువు ఒక్కసారిగా 53 మందికీ, వారి పైనున్న యాజమాన్యానికీ, పత్రికలకూ జవాబుదారీ అయ్యారు. మొదటి ఏడాది 3 విజయాలు, రెండో ఏడాది 7 విజయాలు. 2008లో ఆడిన 16 ఆటల్లోనూ ఓటమి. 16 ఆటల సీజన్‌లో అలా జరగడం లీగ్ చరిత్రలో అదే మొదటిసారి, ఆ ఏడాది లయన్స్ ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లు 517. సీజన్ ముగిసిన మరునాడే ఆయన పదవి పోయింది.

రక్షణ విద్యలో నిష్ణాతుడి జట్టే అన్ని పాయింట్లు సమర్పించుకోవడం చూసి ఆ విద్యనే అనుమానించినవారు ఉన్నారు. ఆ అనుమానం సరికాదు. సన్నిహితంగా, చెయ్యి పట్టుకుని, ఒకే కదలికను దిద్దుతూ నేర్పే గుణం వేరు. ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి, ఏ విభాగాన్ని ఎవరికి అప్పగించాలి అని దూరం నుంచి తీర్మానించే గుణం వేరు. మొదటిదానిలో గొప్పవాడైనందుకు బహుమతిగా రెండోది ఇవ్వడం, వీణ బాగా వాయించినవాణ్ణి సంగీత కళాశాల పాలకమండలికి అధ్యక్షుణ్ణి చేసినట్టు, వ్యక్తికీ సంస్థకూ కూడా నష్టం తెచ్చిపెట్టగల ఆచారం. ఈ తప్పులో ఎక్కువ భాగం, బోధనకు బోధనగా పూర్తి గౌరవం ఇవ్వడం నేర్చుకోని వ్యవస్థదే.

మారినెల్లీ చేసినది గమనించదగ్గది. 2009లోనే షికాగో బేర్స్ జట్టులో మళ్ళీ లైన్ కోచ్ అయ్యారు, మరుసటి ఏడాది నుంచి కోఆర్డినేటర్‌గా కూడా రాణించారు; 2012లో ఆ జట్టు రక్షణ లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 44 సార్లు బంతిని ప్రత్యర్థి నుంచి లాక్కుంది. 2013లో డాలస్ కౌబాయ్స్‌కు లైన్ కోచ్‌గా వెళ్ళి, 2014 నుంచి 2019 వరకు అక్కడ డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా పనిచేశారు. ఆయన వద్ద నేర్చుకున్న డిమార్కస్ లారెన్స్ 2017లో 14.5 సాక్‌లు సాధించాడు.

2020లో, 70 ఏళ్ళు దాటిన వయసులో, అప్పుడే లాస్ వేగాస్‌కు తరలిన రైడర్స్ జట్టులో ఆయన తిరిగి డిఫెన్సివ్ లైన్ కోచ్‌గా చేరారు. 17 ఏళ్ళ కిందట సూపర్ బౌల్‌లో తన నలుగురు శిష్యులు చిత్తుచేసిన జట్టు అదే. అక్కడ ఆయనకు దొరికినవారిలో మాక్స్ క్రాస్బీ ఒకడు, 2021లో మొదటిసారి లీగ్‌లోని మేటి ఆటగాళ్ళకు దక్కే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. ఆ ఏడాది చివరి ఆట దాకా మారినెల్లీ చేసిన పని 1973లో రోజ్‌మీడ్‌లో మొదలుపెట్టిన పని లాంటిదే: కుర్రవాణ్ణి ఒక చెయ్యి నేలకు ఆనించి వంగమని, బంతివైపు చూడమని, అది కదిలితే కదలమని చెప్పడం, ఆ తరువాత వెనక్కి వచ్చి మళ్ళీ వంగమని చెప్పడం.