ఎటు పక్క కూర్చోవాలి?

మా తాతయ్య ఆర్టీసీ బస్సు ఎక్కేముందు ఒక్క క్షణం ఆగి సూర్యుడు ఎక్కడున్నాడో చూసుకునేవాడు. పొద్దుటి బస్సు, ఊరు దాటగానే ఉత్తరానికి తిరుగుతుంది, అంటే ఎండ కుడివైపు. ఎడమ పక్క కిటికీలోంచి తువ్వాలు సీటు మీదికి విసిరి, ఆ తర్వాత తాపీగా మెట్లెక్కేవాడు. అవతలి వరుసవాళ్లు దారిపొడుగునా చెమటలు తుడుచుకుంటుంటే మేం నీడలో వేరుశనక్కాయలు వలుచుకునేవాళ్లం.

విమానంలో తువ్వాలు వెయ్యడం కుదరదు. ఫోన్లో సీట్ల పటం తెరిచి, అడిగినంత కట్టి, ఒక గడి నొక్కాలి. లెక్క మాత్రం తాతయ్య లెక్కే. కిటికీ సీటైతే చాలనుకుని ఏదో ఒకటి నొక్కేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఒకే వరుస, ఒకే ధర. ఈ చివర కూర్చున్నవాడికి కాంచన్‌జంగ, ఆ చివరివాడికి బీహార్ మైదానం మీది మసక.

డార్జిలింగ్, సిక్కిం వెళ్లే మనవాళ్లు కొందరు ఢిల్లీలో మారి బాగ్‌డోగ్రాలో దిగుతారు. విమానం తూర్పుకు పోతుంది. హిమాలయాలు ఉత్తరాన. తూర్పుకు ముఖం పెట్టినవాడికి ఉత్తరం ఎడమచేతి వైపు కదా, కాబట్టి 'ఏ' సీటు. తిరుగు ప్రయాణంలో 'ఎఫ్'. వరుసకు ఆరు సీట్లుండే ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 విమానాల్లో ఎడమ చివర 'ఏ', కుడి చివర 'ఎఫ్'. ఈ ఎడమ, కుడి పైలట్‌వి. ముందు తలుపులోంచి ఎక్కి వెనక్కి నడుస్తున్నప్పుడు 'ఏ' సీట్లు మన కుడిచేతి వైపుకు వస్తాయి. అక్కడ తికమకపడి, తప్పు పక్క కొన్నామేమోనని గుండె గుభేలుమన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తు నుంచి చూస్తే దిగంతం దాదాపు 370 కిలోమీటర్ల అవతల ఉంటుంది. హిమశిఖరాలు అంతకన్నా చాలా దగ్గర. గాలి తేటగా ఉన్న రోజున ధవళగిరి మొదలు అన్నపూర్ణ, మనాస్లు, ఎవరెస్ట్, మకాలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి జరుగుతాయి, చివర కాంచన్‌జంగ. అందరూ వెతికేది ఎవరెస్ట్‌నే. తీరా కనిపించాక కాస్త నిరాశపడతారు. 8,849 మీటర్ల ఆ శిఖరం పక్కనే లోత్సే, కొద్ది దూరంలో మకాలు, అన్నీ ఉద్దండులే కావడంతో గుంపులో పెద్దమనిషిలా కలిసిపోతుంది. 8,586 మీటర్ల కాంచన్‌జంగ అలా కాదు. విడిగా, బాగ్‌డోగ్రాకు దగ్గరగా నిలబడి ఉంటుంది కనక కొలతలో చిన్నదైనా కంటికి అదే పెద్దది. వర్షాలు వెనకబట్టిన అక్టోబరు, నవంబరుల్లో వెళ్లండి. జులైలో ఏ పక్క కూర్చున్నా దక్కేది దూదిపరుపే.

దిక్కు తేలాక చూడాల్సింది రెక్క. జెట్ విమానాల్లో కిందుగా, నడిమి వరుసల నిండా పరుచుకుని ఉంటుంది. పటంలో అత్యవసర ద్వారాలు గుర్తుపెట్టిన వరుసలు సరిగ్గా దాని మీదే. అక్కడ కూర్చుంటే ప్రయాణమంతా తెల్లటి రేకు చూడాలి. రెక్క వెనక వరుసల్లో నేల కనిపిస్తుంది గానీ ఇంజిన్ వదిలే వేడిగాలి వల్ల పొయ్యి మీంచి అవతలికి చూసినట్టు బొమ్మ అలలాడుతుంది. ఫొటోల పిచ్చి ఉంటే రెక్కకు బాగా ముందు వరుసలే మేలు. కళ్లకు మాత్రమే చాలనుకుంటే చిట్టచివరి వరుసలు, ధర కూడా తక్కువ.

ముందు వరుసల్లోనూ ఒక గొయ్యి ఉంది. నేనొకసారి అదనపు డబ్బు కట్టి మరీ ఎంచుకున్న కిటికీ సీటు దగ్గర కిటికీయే లేదు, నున్నటి గోడ! పక్కనున్న కుర్రాడు నవ్వాపుకోలేక పుస్తకంలో ముఖం దాచుకున్నాడు. 737 విమానాల్లో చల్లగాలి గొట్టం రెక్కకు కాస్త ముందు గోడలోంచి పైకి పోతుంది, ఆ మేర కిటికీ పెట్టరని తర్వాత తెలిసింది. కిటికీలకు, సీట్లకు అసలు పొంతనే ఉండదు. కిటికీలు విమానం పక్కటెముకల మధ్య సుమారు ఇరవై అంగుళాలకొకటి చొప్పున వస్తాయి. సీట్ల వరుసలు కంపెనీ ఇష్టాన్ని బట్టి ఇరవై ఎనిమిది, ముప్పై అంగుళాలకొకటి. అందుకే ఒకరికి రెండు కిటికీలు, ఒకరికి మెడ విరుచుకున్నా అర కిటికీ.

ఇక ఎండ. మన దేశంలో చలికాలం పగలంతా సూర్యుడు దక్షిణం వైపే వాలి ఉంటాడు. ఉత్తరం పక్క కూర్చుంటే అద్దం మీద వెలుగు పడి కళ్లు జిగేలుమనవు, కొండల రంగు కడిగినట్టు తేలుతుంది. ఢిల్లీ నుంచి లేహ్ వెళ్లే విమానాలు దాదాపు అన్నీ పొద్దుటివే. 3,256 మీటర్ల ఎత్తున ఉన్న ఆ లోయలో మధ్యాహ్నానికి గాలులు ముదిరిపోతాయి. ఉత్తరానికి పోయే పొద్దుటి విమానం, ఎండ కుడివైపు. తాతయ్య బస్సే! ఎడమ పక్క కూర్చుంటే నీడా దక్కుతుంది, దూరాన జంటగా నున్, కున్ శిఖరాలూ దక్కుతాయి.

సూర్యుడికి ఎదురు పక్క కూర్చున్నవారికి ఇంకో కానుక ఉంది. కింద పల్చగా మబ్బులుంటే వాటి మీద విమానం నీడ పరిగెత్తుతుంది, దాని చుట్టూ గుండ్రంగా ఒక చిన్న ఇంద్రధనుస్సు. శాస్త్రజ్ఞులు దాన్ని గ్లోరీ అంటారు. మబ్బులోని నీటిబొట్లు వెలుగును వచ్చిన దారినే వెనక్కి తిప్పి పంపడం వల్ల ఏర్పడుతుంది. ఆ వలయం నడిబొడ్డు ఎప్పుడూ చూసేవాడి కంటికి సూటిగా ఉంటుంది. అంటే విమానం నీడలో అది ఏ చోట ఉందో, మీరు కూర్చున్నది ఆ చోటే. ముందు సీటువాడి వలయం వేరు, మీ వలయం వేరు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి వచ్చే అమ్మానాన్నలకు ఒక మాట. అక్కడి నుంచి యూరప్ మీదుగా తిరిగొచ్చే రాత్రి విమానాలు తూర్పుకు పోతాయి. ఉత్తరం ఎడమ పక్క. చలికాలం రాత్రుళ్లు అదృష్టం బాగుంటే ఆకాశంలో ధ్రువకాంతులు పచ్చటి తెరల్లా ఊగుతాయి. దుప్పటి నెత్తి మీద కప్పుకుని, లోపలి దీపాల వెలుగు అద్దం మీద పడకుండా చూడాలి.

ఇంత లెక్కా వేశాక కూడా దిగేటప్పుడు గాలి మనల్ని వెక్కిరించవచ్చు. విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. శంషాబాద్ రన్‌వేకు ఒక కొసన 09, రెండో కొసన 27 అని రాసి ఉంటుంది. పక్కన సున్న చేరిస్తే 90, 270 డిగ్రీలు, అంటే తూర్పు, పడమర. నగరం రన్‌వేకు ఉత్తరాన ఉంది. వానాకాలంలో పడమటి గాలికి ఎదురుగా దిగితే నగరం కుడి పక్క వస్తుంది. చలికాలంలో తూర్పుగాలికి దిగితే ఎడమ పక్క. రాత్రిపూట 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు దీపాల దండలా కనిపించేది ఎవరికన్నది ఆనాటి గాలి తేల్చాల్సిందే. విశాఖలో నౌకాదళం వారి రన్‌వే మీదికి సముద్రం వైపు నుంచి వస్తే ఎడమ పక్క డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు, కుడి పక్క బీచి రోడ్డు. సైనిక విమానాశ్రయం కాబట్టి ఫొటోలు కూడదు. ఫోన్ జేబులో ఉండటంతో నేను విశాఖను తీరిగ్గా చూసింది అక్కడే.

నన్నడిగితే మన దేశంలో కిటికీ సీటుకు అసలైన విలువ ఏటీఆర్ విమానంలోనే. జెట్లంత ఎత్తుకు పోదు, అంత వేగమూ కాదు. రెక్క భుజాల మీద, కిటికీలకు పైన ఉంటుంది. పంకాల పక్కనుండే రెండు మూడు వరుసలు వదిలేస్తే ఎక్కడ కూర్చున్నా నేల కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రి వెళ్లే ఏటీఆర్‌లో పాపికొండలు కావాలంటే ఎడమ పక్క, వంతెనలు కావాలంటే కుడి పక్క కూర్చోవాలి. మధురపూడి విమానాశ్రయం ఊరికి ఉత్తరాన ఉంది కనక దిగేముందు నది దాటుతుంటే గోదారి మీది వంతెనలన్నీ కుడివైపునే వస్తాయి. 1900 నాటి హేవలాక్ వంతెన, రైలూ రోడ్డూ కలిసిన వంతెన, విల్లుల్లాంటి కమానులది, అన్నీ ఒకే చూపులో. ఇంకొంచెం దిగువన 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట చోటు, ధవళేశ్వరం. అక్కడి నుంచి గౌతమి ఒక పక్కకు, వసిష్ఠ ఒక పక్కకు విడిపోతాయి. బడిలో పటం గీసి మార్కులు తెచ్చుకున్న సంగతే. పైనుంచి చూసినప్పుడు గానీ ఆ పచ్చదనమంతా ఒకే మొదలు నుంచి విసనకర్రలా విచ్చుకుందని తెలియలేదు. వేసవిలో ఇసుక తిప్పలు, ఆగస్టులో ఎర్రనీరు, లంకల అంచులు కూడా కనిపించవు.

పోయిన ప్రయాణంలో నా పక్క సీటు పెద్దావిడకు అది మొదటి విమానం. ఎవరడిగినా వదలని నా కిటికీ సీటు ఆవిడకిచ్చేశాను. గోదారి రాగానే అద్దానికి ముఖం ఆనించి చేతులు జోడించింది. తర్వాత చేతిసంచిలోంచి రూపాయి బిళ్ల తీసి నా వైపు తిరిగింది.

"ఈ అద్దం తియ్యడానికి రాదా బాబూ?"

"రాదండీ."

బిళ్లను కళ్లకద్దుకుని మళ్లీ సంచిలో వేసుకుంది. "సరేలే, వచ్చేవారం కొవ్వూరు వెళ్లాలి. రైల్లోంచి వేస్తాను" అంది.