కళింగనగరనిర్ణయము: విద్యార్థివ్యాసములందలి పూర్వపక్షలోపము

శ్రీకాకుళ విజయనగర ప్రాంతములందలి విద్యార్థి దేశచరిత్రమును గూర్చి పరిశోధనవ్యాసము వ్రాయఁబూనెనేని, అతని చేతికందు విషయములలోఁ గళింగనగరనిర్ణయము మొదటిది. తూర్పుగాంగుల తామ్రశాసనములు పెక్కు కళింగనగరమునుండి వెలువడినవి. ఆ నగర మెక్కడిది? వంశధార కడలిఁ గలియుచోట నున్న కళింగపట్టణమే యని తొలుతఁ గొందఱు పరిశోధకులు తలఁచిరి. గిడుగు వేంకటరామమూర్తిపంతులుగారు శక 979 (క్రీ. 1057) నాఁటి వజ్రహస్తుని నడగాము శాసనమును, 1896-97 నాఁటి ఎపిగ్రాఫియా ఇండికా 4వ సంపుటమునఁ బ్రకటించుచు, ఆ నగరము వంశధార యెడమగట్టున నున్న ముఖలింగమే యని నిరూపించిరి. నేఁటి చరిత్రకారులలోఁ బెక్కురకు నిదియే సమ్మతము.

విద్యార్థి యీ సమ్మతమునే తన సిద్ధాంతముగా నెత్తి వ్రాసి, మొదటి వాక్యముననే వివాదమును ముగించును. లోప మిచ్చటనే పుట్టుచున్నది. సంశయము లేనిచో విచారమే లేదు. పూర్వపక్షము లేని సిద్ధాంతము ప్రతిజ్ఞయే కాని నిర్ణయము కాదు. ఆ పూర్వపక్షమునైనను దుర్బలముగాఁ జెప్పి పడఁగొట్టుట వాదము కాదు. పతంజలి మహాభాష్యమున నాక్షేపించువాఁడు మూఢుఁడు కాఁడు. ఒక్కొక్కచో సిద్ధాంతికంటెను సూక్ష్మదర్శి.

కళింగపట్టణవాది పలుకఁదగిన మాట యిది: అమరసింహుఁడు నగరీ పత్తనశబ్దములను బర్యాయములుగాఁ జదివెను, కావునఁ గళింగనగర మనినను గళింగపట్టణ మనినను నొకటియే. ఈ మాటను తేలికగాఁ ద్రోయరాదు. 'విశాఖపట్టణము, భీమునిపట్టణము తీరమం దున్నవి. విజయనగరము లోనాట నున్నది. కావునఁ బట్టణమనఁగా రేవు' అని విద్యార్థి బదులు చెప్పెనేని, కావేరీమధ్యమందలి శ్రీరంగపట్టణ మా నియమమును భంగించును. సరియైన సమాధానము వేఱు. జాతివాచకములకుఁ బర్యాయత్వ మున్నంతమాత్రమున సంజ్ఞాశబ్దములకు నది సంక్రమింపదు. రామచంద్రుఁ డను పేరుగలవానిని రామశశాంకుఁ డని పిలిచినఁ బలుకునా? పేరులోని పోలిక సంశయమును బుట్టించుటకుఁ జాలును, తీర్చుటకుఁ జాలదు. తీర్చునది ముఖలింగాలయముల శిలాశాసనములు ఆ చోటును నగరమని పేర్కొనుట.

ఇఁకఁ జిత్రములు. ముఖలింగేశ్వరాలయశిల్పముల ఛాయాచిత్రము లెంత రమణీయములైనను స్థలనామవిషయమున సాక్ష్యము పలుకవు. అవి వ్యాసమున కలంకారములు, హేతువులు కావు. కావలసినవి రెండే: నగరశబ్దమున్న శాసనపంక్తికిఁ బ్రతికృతి, దానిక్రిందఁ బ్రత్యక్షరపాఠము నొకటి, మహేంద్రగిరిని, ముఖలింగమును, కళింగపట్టణమును గుర్తించిన దేశపటము రెండవది. గాంగులు మహేంద్రగిరియందలి గోకర్ణస్వామిని గొలిచినట్లు తమ శాసనములందుఁ జెప్పుకొనిరి గదా. ఆ కొండకు నీ రెండు చోట్లకును గల సంబంధము పటము చూచినఁగాని పాఠకునకుఁ దెలియదు. అయితే పట మేయేఁటిదో క్రింద వ్రాయవలెను. వేయేండ్లనాఁడును వంశధార యీ త్రోవనే పాఱెనని నేఁటి పటము చెప్పఁజాలదు.

ఉపసంహారమున వ్యాసారంభవాక్యమునే మరలఁ జెప్పుట పునరుక్తి. హేతువు లెంతవఱకు సాగునో నిర్ణయ మంతవఱకే సాగవలెను. 'కళింగరాజధాని ముఖలింగమే' యనుట యతివ్యాప్తి. ఏలయన గాంగసంవత్సరము 39 నాఁటి యింద్రవర్మ జిర్జింగిశాసనము దంతపురమునుండి వెలువడినది. కాఁబట్టి గాంగశాసనములఁ గానవచ్చు కళింగనగరము ముఖలింగమనియు, దంతపురము దానికంటె వేఱనియు, అది శ్రీకాకుళసమీపమందలి దంతవక్త్రునికోటయే యను వాదము ప్రత్యేకముగా విచార్యమనియు వ్రాయుటయే యిచ్చట నుచితమైన యుపసంహారము.