రెండోవాడి చేతికి బంతి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డాలస్ కౌబాయ్స్ జట్టు 2014లో 16 ఆటలకు 12 గెలిచింది. 2015లో నాలుగే గెలిచి 12 ఓడింది. 2016లో 13 గెలిచింది. ఈ మూడేళ్లలో యజమాని మారలేదు, కోచ్ జేసన్ గారెట్ మారలేదు, ముందు వరసలో అడ్డు నిలిచే కొమ్ములు తిరిగిన లైన్‌మెన్‌లో ముఖ్యులూ మారలేదు. మధ్యలో ఆ గొయ్యి ఎందుకు పడిందని టెక్సస్‌లో మా చుట్టుపక్కల ఎవరినడిగినా ఒకటే పేరు చెబుతారు: టోనీ రోమో.

2015 సీజన్ రెండో ఆటలోనే, ఫిలడెల్ఫియాలో, జట్టు ఆట నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రోమోకు కాలర్‌బోన్ విరిగింది. ఆ ఏడాది అతను బరిలో దిగిన 4 ఆటల్లో జట్టు 3 గెలిచింది. అతను లేకుండా ఆడిన 12లో గెలిచింది ఒక్కటి. వాణిజ్య పన్నుల పద్దులా సూటిగా ఉన్న ఈ లెక్క చూశాక ఇంకేం వాదిస్తాం? ఒక్క మనిషి పక్కకు జరిగితే 53 మంది జట్టు కూలబడింది, అంతే అనిపిస్తుంది.

అయితే 2016లోనూ రోమో లేడు. సీజన్‌కు ముందు సియాటిల్‌లో ఆడిన సన్నాహక ఆటలో అతని వెన్ను దెబ్బతింది. అతని వెనక ఉండాల్సిన కెల్లెన్ మూర్ అప్పటికే శిక్షణ శిబిరంలో కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో బంతి మూడోవాడి చేతికొచ్చింది. కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 134 మందిని తీసుకున్నాక 135వ వాడిగా తీసుకున్న కుర్రాడు డాక్ ప్రెస్కాట్. మొదటి ఆట ఒక్క పాయింటు తేడాతో ఓడి, ఆ తర్వాత వరసగా 11 గెలిపించాడు. రోమో లేకపోతే డాలస్ లేదన్న మాట ఏడాది తిరక్కుండానే వీగిపోయింది.

ఆ మూడేళ్లూ ఇక్కడే ఉండి చూసినప్పటి నుంచీ స్టార్ గాయపడ్డాడన్న వార్త వస్తే నా మనసు మరో మనిషి వైపు పోతుంది. గీత అవతల టోపీ పెట్టుకుని, చేతిలో ట్యాబ్లెట్ పట్టుకుని నిలబడ్డ ఆ రెండోవాణ్ణి ఇన్నాళ్లూ ఎవరైనా తయారు చేశారా, ఊరికే నిలబెట్టారా? జట్టు స్టార్ మీద ఎంత ఆధారపడిందన్నది నా ఉద్దేశంలో ఆ ప్రశ్నకు దొరికే జవాబులోనే ఉంది. స్టార్ ఎంత గొప్పవాడైతే ఆ రెండోవాణ్ణి మరిచిపోవడం అంత సులువు.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఈ ఆధారపడటం కొత్త కాదు. సచిన్ అవుటైతే టీవీ కట్టేసిన తరం మనది. కానీ వన్డేల్లో సచిన్ తర్వాత వచ్చే ద్రావిడ్ నిన్నా ఆడాడు, మొన్నా ఆడాడు. ఇక్కడ రెండో క్వార్టర్‌బ్యాక్ రెండేళ్లు ఒక్క బంతీ ముట్టుకోకుండా గడిపి, మూడో ఏడు అక్టోబరులో ఓ మధ్యాహ్నం, డెబ్బై వేల మంది ముందు, గాయపడ్డ మనిషిని ఇంకా బండి మీద లోపలికి తీసుకెళ్తుండగానే మైదానంలోకి పరుగెత్తాలి.

అతనప్పుడు చెయ్యాల్సిన పని చూడండి. ఏ ప్లే, అంటే ముందే సాధన చేసిన ఏ ఎత్తుగడ, ఆడాలో కోచ్ చెప్పే మాట హెల్మెట్‌లోని చిన్న స్పీకర్‌లో వినిపిస్తుంది. ప్లే గడియారంలో 15 సెకన్లు మిగలగానే ఆ రేడియో కట్ అయిపోతుంది. ఈలోగా ఒక్కోసారి పది పన్నెండు మాటల పొడవుండే ఆ పిలుపును పొల్లు పోకుండా మిగతా పదిమందికీ వినిపించాలి. గీత దగ్గరికొచ్చి ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చదవాలి. వెనక కాపలాకు ఇద్దరున్నారా, ఒక్కడేనా? ఆ పక్కనున్నవాడు మీదకు దూకేలా ఉన్నాడా, వెనక్కి తగ్గేలా ఉన్నాడా? అనుకున్న ప్లే పనికిరాదనిపిస్తే అక్కడికక్కడ అరిచి మార్చాలి. బంతి చేతికొచ్చాక మూడు సెకన్లు దొరికితే గొప్ప. బంతి అందుకోవాల్సిన రిసీవర్ ఇంకా వెనక్కి తిరక్కముందే అతను తిరగబోయే చోటికి బంతి బయల్దేరిపోవాలి.

ఇందులో టీవీలో కనిపించనిది ఒకటుంది, గొంతు. నూట నలభై కిలోల లైన్‌మెన్ తమ మీదకు రాబోయే మనిషిని చూస్తుంటారు తప్ప బంతిని చూడరు. క్వార్టర్‌బ్యాక్ గొంతు పలికే లయను బట్టే కదులుతారు. ఏళ్ల తరబడి ఒకే గొంతుకు అలవాటు పడ్డ చెవులు కొత్త గొంతు అర సెకను సాగదీస్తే తడబడతాయి. ఒకడు ముందే కదిలితే 5 గజాల జరిమానా. కొత్తవాడు విసరడం మొదలుపెట్టకముందే జట్టు వెనక్కి నడుస్తుంది.

ఈ గొంతూ ఈ లయా కుదరాలంటే కలిసి సాధన చెయ్యాలి. ఆ సాధన రెండోవాడికి దొరకదు. ఆదివారం ఆటకు బుధ, గురు, శుక్రవారాల్లో చేసే సాధనలో ముఖ్య జట్టుతో ఆడే ప్లేలు దాదాపు అన్నీ మొదటివాడివే. ఆ టైములో రెండోవాడు సాధారణంగా వచ్చే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ వేషం వేస్తాడు. సొంత డిఫెన్స్‌కు అలవాటు కావడం కోసం అవతలి జట్టు ప్లేలు ఆడి చూపిస్తాడు. వారమంతా పరాయి జట్టు ఆట ఆడినవాడు ఆదివారం హఠాత్తుగా తన జట్టు ఆట ఆడాలి. నాకు ఈ ఏర్పాటు ఎప్పటికీ మింగుడుపడదు.

ఇండియానాపొలిస్ జట్టు దీనికి మూల్యం చెల్లించింది. క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ 1998లో వచ్చిన నాటి నుంచి ఒక్క ఆటా మానలేదు. సాధనలోనూ పక్కకు జరిగేవాడు కాదు. ప్లేలన్నీ తనే ఆడేవాడు, గీత దగ్గర నిలబడి చేతులు ఊపుతూ తనే మార్చేవాడు. చెప్పాలంటే మైదానం మీద కోచ్ కూడా అతనే. 2003 నుంచి 2009 దాకా ఆ జట్టు ఏ ఏడాదీ 12 విజయాలకు తగ్గలేదు. 2011లో అతను మెడ ఆపరేషన్ వల్ల సీజనంతా దూరమయ్యాడు. అంతకుముందు ఏడాది 10 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడు గెలిచింది రెండే. ఆ రెండూ కూడా వరసగా 13 ఓడాకే. న్యూ ఆర్లియన్స్ చేతిలో 62-7తో చిత్తయింది. సీజన్‌కు మూడు వారాలు కూడా లేనప్పుడు, అప్పుడే రిటైరైన 38 ఏళ్ల కెర్రీ కాలిన్స్‌ను పిలిపించి బంతి చేతికిచ్చారు. మానింగ్ మెడ గురించిన భయం వేసవంతా ఉంది. పదమూడేళ్లలో ఆ ఇంట్లో రెండోవాడి కోసం ఒక్క గదీ కట్టలేదు.

మ్యాట్ కాసెల్ సంగతి చెప్పకపోతే ఈ మాట పూర్తి కాదు. 2007లో సీజన్ 16 ఆటలూ గెలిచిన న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కు 2008 మొదటి ఆటలోనే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రాడీ మోకాలు పోయింది. కాసెల్ వచ్చాడు. హైస్కూల్ దాటాక క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క ఆటా మొదటినుంచి ఆడని మనిషి! కాలేజీలో కార్సన్ పామర్ వెనక, మ్యాట్ లైనార్ట్ వెనక, ఇక్కడ బ్రాడీ వెనక నిలబడుతూనే వచ్చాడు. అయినా 11 గెలిపించాడు. ప్లేఆఫ్స్ తృటిలో తప్పాయి. ఆ జట్టులో అది అతనికి నాలుగో ఏడు. ప్లేలన్నీ కంఠతా వచ్చు, రిసీవర్లు ఎక్కడ తిరుగుతారో తెలుసు, కోచ్ బిల్ బెలిచిక్ అతనికేది చేతనవునో ఎరుగును.

అదే కాసెల్ 2015లో డాలస్‌కు వచ్చాడు. రోమో పడిపోయాక, సీజన్ నడుస్తుండగా, బఫలో నుంచి తెచ్చుకున్నారు. 7 ఆటలు మొదలుపెట్టి ఒక్కటి గెలిచాడు. ఏడేళ్లలో వయసు పైబడింది, నిజమే. మేటి రిసీవర్ డెజ్ బ్రయంట్ పాదం విరిగి చాలా వారాలు లేడు, 2014లో పరుగుల వరద పారించిన డిమార్కో ముర్రే జట్టు వీడిపోయాడు, అవీ నిజమే. కానీ అక్కడ నాలుగేళ్లు నేర్చుకున్నాక బంతి పట్టినవాడు ఇక్కడ నాలుగైదు వారాల్లో పట్టాడు. 2015 నేరం రోమో ఎముకకు అంటగట్టేవాళ్లతో నేను ఏకీభవించనిది ఇక్కడే.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. 2016లో 13 ఆటలు గెలిపించిన ప్రెస్కాట్‌కు నాలుగేళ్ల ఒప్పందం మొత్తం కలిపి 30 లక్షల డాలర్లు కూడా లేదు. 2024లో అతనితో రాసుకున్న కొత్త ఒప్పందం సగటున ఏడాదికి 6 కోట్ల డాలర్లు. ఆ ఏడు ఒక జట్టు ఆటగాళ్లందరికీ కలిపి ఖర్చు చెయ్యగల పరిమితి 25.54 కోట్లు. ఒక్కడి వాటా పావు వంతుకు దగ్గరగా వెళ్లాక మిగతా 52 మందికి మిగిలే దాంట్లో రెండోవాడి కోసం ఎవరు చెయ్యి విదిలిస్తారు? ఆ ఏడాదే ప్రెస్కాట్ 8 ఆటల్లో 3 గెలిచి తొడ కండరం తెగి ఆగిపోయాడు. అతని స్థానంలో వచ్చిన కూపర్ రష్ 8 ఆటల్లో 4 గెలిచాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని మనిషి రష్. 2022లో ప్రెస్కాట్ చేతి బొటనవేలు విరిగినప్పుడూ 5 ఆటల్లో 4 గెలిపించాడు. ఏళ్లుగా అదే జట్టులో, అదే లాకర్ గదిలో ఉన్న మనిషి కావడం ఊరికే పోలేదు.

మా ఇంటికి దగ్గర్లో ఒక హైస్కూల్ మైదానం ఉంది. టెక్సస్‌లో శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే ఊరికి ఊరే కదులుతుంది. ఇప్పుడు మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్లు, డ్రమ్ములు పట్టుకున్న మన తెలుగు పిల్లలూ చాలామంది కనిపిస్తారు. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు కంచె దగ్గర ఆగి సాధన చూడటం నాకిష్టం. అక్కడ మొదటి క్వార్టర్‌బ్యాక్‌కు పది గజాల వెనక రెండో కుర్రాడు నిలబడతాడు. చేతిలో బంతి ఉండదు. ముందున్నవాడు బంతి అందుకోగానే ఇతనూ అవే మూడు అడుగులు వెనక్కి వేస్తాడు. తల ఎడమకు, మధ్యకు, కుడికి తిప్పుతాడు. ఖాళీ చేతిని భుజం మీదుగా తెచ్చి విసురుతాడు. ఒక్కోసారి ముందున్నవాడు కుడివైపు విసిరితే ఇతని చెయ్యి ఎడమవైపు పోతుంది. ఎడమవైపు ఖాళీ ఉందని ఇతనికి కనిపించిందన్నమాట.

ఒక సాయంత్రం కోచ్ చివరి పావుగంట ఆ కుర్రాణ్ణి ముందుకు పిలిచాడు. మొదట లైన్‌లో ఇద్దరు తొందరపడి కదిలారు. తర్వాతి బంతి రిసీవర్ వీపు వెనక పడింది. కుర్రాడు ఏం మాట్లాడలేదు, బంతి అందించే సెంటర్‌తో తల దగ్గరగా పెట్టి ఏదో చెప్పుకున్నాడు. చీకటి పడేవేళకు బంతులు అందుతున్నాయి. పదిహేను నిమిషాల్లోనే అంత తేడా కళ్లారా చూశాక, అంతంత జీతాలిచ్చే జట్లు వారంలో ఆ పావుగంట ఎందుకు ఇవ్వలేవో నాకర్థం కాదు.

ఆ పావుగంటకు నోచని జట్లు ఒక్కోసారి దారుణంగా దొరికిపోతాయి. 2023 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కో 49ర్స్ లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కు ఒక్క గెలుపు దూరంలో ఫిలడెల్ఫియా మీద ఆడింది. మొదట్లోనే క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ పర్డీ మోచెయ్యి దెబ్బతింది. బదులొచ్చిన జాష్ జాన్సన్ తలకు దెబ్బ తగిలింది. పర్డీ తిరిగి వచ్చాడు గానీ దూరం విసరలేడు. ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలుసు. 31-7. ఆ తర్వాతే అత్యవసరానికి మూడో క్వార్టర్‌బ్యాక్‌ను సిద్ధంగా ఉంచుకునే నిబంధన పెట్టారు.

రెండోవాళ్ల చరిత్రలో నాకు అందరికంటే ఇష్టమైనవాడు ఎర్ల్ మోరల్. 1968లో బాల్టిమోర్‌లో జానీ యునైటాస్ మోచెయ్యి దెబ్బతింటే వచ్చి, 14 ఆటల్లో 13 గెలిపించి, లీగ్‌లో మేటి ఆటగాడి గౌరవం అందుకున్నాడు. సూపర్ బౌల్‌లో మాత్రం మూడు బంతులు ఎదుటివాళ్ల చేతికిచ్చి ఓడాడు. జనం ఆ ఓటమినే గుర్తుపెట్టుకున్నారు. అప్పటి కోచ్ డాన్ షూలా ఆ 13 గెలుపులు మరవలేదు. తాను మయామీకి మారాక, 1972లో, అందరూ వదిలేసిన, ఆ ఏడు 38 ఏళ్లు నిండిన మోరల్‌ను 100 డాలర్ల రుసుము కట్టి తెచ్చుకున్నాడు. అయిదో ఆటలో బాబ్ గ్రీసీ కాలు విరిగింది. మోరల్ వచ్చాడు. మిగిలిన 9 ఆటలూ ఆడాడు, అన్నీ గెలిచారు. బంతిని ల్యారీ జొంకా, మెర్క్యురీ మోరిస్‌ల చేతికిచ్చి పరుగెత్తించడం మీదే నడిచే ఆట అది. ఇద్దరూ ఆ ఏడాది చెరో వెయ్యి గజాలు అందుకున్నారు. సూపర్ బౌల్ నాటికి గ్రీసీ తిరిగొచ్చాడు, అందులోనూ అతను విసిరిన బంతులు 11 మాత్రమే. సీజన్ మొదలు సూపర్ బౌల్ దాకా ఒక్క ఓటమీ లేకుండా ముగించిన జట్టు ఈ లీగ్‌లో ఇప్పటికీ అదొక్కటే. అందులో ఎక్కువ ఆటలు మొదలుపెట్టింది రెండోవాడు.

2017లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌కూ అలాగే జరిగింది. డిసెంబరులో కార్సన్ వెంట్జ్ మోకాలు పోతే, 2016లో ఆటే మానేద్దామనుకున్న నిక్ ఫోల్స్ వచ్చాడు. మొదట్లో తడబడ్డాడు. కోచ్‌లు అతన్ని వెంట్జ్‌లా ఆడమనలేదు. 2013లో అతను ఇదే జట్టుకు ఆడి 27 టచ్‌డౌన్లు విసిరిన ఆటల వీడియోలు తిరగేసి, అతనికి చేతనైన ప్లేలు ఏరి పథకంలో చేర్చారు. సూపర్ బౌల్‌లో ఫోల్స్ 373 గజాలు విసిరి బ్రాడీ జట్టును 41-33తో ఓడించాడు. కోచ్ డగ్ పెడర్సన్ ఒకప్పుడు బ్రెట్ ఫావ్ర్ వెనక నిలబడ్డ మనిషి. ఆయన కుడిభుజం ఫ్రాంక్ రీక్ బఫలోలో జిమ్ కెల్లీ వెనక ఏళ్లు గడిపి, 1993 జనవరిలో కెల్లీ గాయపడ్డప్పుడు 35-3తో వెనకబడ్డ ఆటను 41-38తో గెలిపించినవాడు. బంతి లేకుండా అడుగులు వేసిన రోజులు ఇద్దరికీ గుర్తున్నాయి.

డాలస్‌లో 2015 చివరి రెండు ఆటలూ ఆడి రెండూ ఓడిన కెల్లెన్ మూర్ తర్వాత కోచ్ అయ్యాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా సూపర్ బౌల్ గెలిచినప్పుడు ప్లేలు పిలిచింది అతనే. ఆ వెంటనే న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ అతన్ని హెడ్ కోచ్‌గా తీసుకుంది. బుధవారం సాధనలో అతను తన రెండో క్వార్టర్‌బ్యాక్‌కు ఎన్ని ప్లేలు వదులుతున్నాడో వెళ్లి చూడాలని నాకు చాలా కోరికగా ఉంది.