ట్రయల్ పీసు లేని పని

ఒలింపిక్స్‌లో పడవ పందెం అనగానే చాలామందికి గుర్తొచ్చేది కదలని నీళ్లు, వాటిమీద గీసిన వరుసలు, ఆ వరుసల్లో పక్కపక్కన దూసుకుపోయే పడవలు. కెనో స్లాలమ్ ఆ కోవలోది కాదు. ఇక్కడ నీళ్లు రాళ్లమీంచి దూకుతూ, విరుగుతూ, నురగలు కక్కుతూ పోతాయి. పైన అడ్డంగా కట్టిన తీగల నుంచి కర్రలు జంటలు జంటలుగా వేలాడుతుంటాయి. ఒక్కో జంట ఒక గేటు. పడవ ఒంటరిగా బయల్దేరి, ఆ జంటల మధ్యనుంచి వరుస తప్పకుండా దూరుకుంటూ కిందికి చేరాలి. మొత్తం పని నిమిషంన్నర, మహా అయితే ఇంకో పావు నిమిషం.

నన్ను పట్టుకున్నది ఆ వేగం కాదు, ఆ ఆటలో ఉన్న ఒక షరతు. కర్రలు ఏ వరుసలో వేలాడతాయో పోటీ దగ్గరపడేదాకా ఆటగాళ్లకు తెలియదు. దారి అమర్చేవాళ్లు వేరే ఉంటారు. అమర్చాక, పోటీలో లేనివాళ్లు ఆ దారిలో పడవ నడిపి చూపిస్తారు. పోటీదారులు గట్టున నిలబడి చూడటమే తప్ప తమ పడవ వేసి చూసుకోవడానికి లేదు. హీట్స్‌కు ఒక అమరిక. సెమీఫైనల్‌కు వచ్చేసరికి కర్రలు మార్చేస్తారు. ఆ మార్చిన దారే ఫైనల్‌కూ ఉంటుంది కాబట్టి, పతకం పరుగుకు ముందు అందులో ఒక్కసారి నడిచినట్టే. కానీ ఆ ఒక్కసారీ లెక్కలోకి వచ్చేదే. అక్కడ తడబడితే ఇక ఫైనల్ లేదు.

జంషెడ్‌పూర్ పక్కన మా ఆదిత్యపూర్‌లో లేత్ చప్పుడు వినకుండా పొద్దు గడవదు. నా బతుకంతా ఇక్కడి వర్క్‌షాపుల మధ్యే గడిచింది. మా దగ్గర ముందు డ్రాయింగు వస్తుంది. ట్రయల్ పీసు తీస్తాం, మైక్రోమీటరు పెట్టి చూస్తాం, తేడా వస్తే సెట్టింగు సరిచేస్తాం, ఆ తర్వాతే అసలు జాబ్ ఎక్కిస్తాం. స్లాలమ్‌లో డ్రాయింగు చూపించి, నేరుగా జాబ్ కానివ్వమంటారు. చెడితే ఇంకో ముక్క ఉండదు.

"అదేటి మావయ్యా, ప్రాక్టీసు లేకుండా నీళ్లలోకి దింపేస్తే ఎలాగ?" అన్నాడు మా మేనల్లుడు, నేను పారిస్ ఒలింపిక్స్ పరుగులు ఫోన్లో చూపిస్తుంటే. మా తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి టాటా కంపెనీ పనికి వచ్చిన కుటుంబం మాది. ఊరు మారినా ఇంట్లో 'ఏటి' మాత్రం పోలేదు. "మరి ఏళ్లతరబడి ఆళ్లు సేసిందేటి?" అని మళ్లీ వాడే అడిగాడు. అసలు ప్రశ్న అదే.

పోటీకి ముందు గట్టుమీద ఓ తమాషా కనిపిస్తుంది. ఆటగాళ్లు కళ్లు సగం మూసుకుని, చేతిలో లేని తెడ్డును తిప్పుతూ, భుజాలు అటు వంచి ఇటు వంచి నిలబడి ఉంటారు. తెలియనివాళ్లు చూస్తే గాలి సోకిందనుకుంటారు. దారిని ఒంట్లోకి ఎక్కించుకోవడం అది. మూడో గేటు దగ్గర ఎడమ తెడ్డు, అయిదో గేటు దాటగానే అలమీద ఒక లిప్త ఆగడం, ఏడో గేటు ఎదురు గేటు... అలా పద్దెనిమిది నుంచి పాతిక గేట్లదాకా. నీళ్లలో దిగాక తలచుకునే తీరిక ఉండదు.

ఎదురు గేటు ఒక్కటి దగ్గరగా చూస్తే చాలు, ఈ విద్య ఏమిటో తెలుస్తుంది. ఆకుపచ్చ చారల కర్రల మధ్యనుంచి వాలులోకి పోవాలి. ఎర్ర చారలవైతే దాటి కిందికి వచ్చి, వెనక్కి తిరిగి, ప్రవాహానికి ఎదురెక్కి దూరాలి. దారిలో ఇలాంటివి కనీసం ఆరుంటాయి. వీటిని ఎక్కువగా రాతి చాటునో, గట్టు మలుపులోనో పెడతారు. అక్కడి నీరు కిందికి పోదు, వెనక్కి మళ్లి పైకి పారుతుంది. పడవ ముక్కు ఆ మళ్లిన నీట్లోకి దిగగానే అది ముక్కును పైకి లాగుతుంది. తోక ఇంకా వడిలోనే ఉంటుంది కాబట్టి దాన్ని వడి కిందికి ఈడుస్తుంది. ఆ రెండు లాగుళ్లకు పడవ తనంతట తానే తిరగబోతుంది. అప్పుడు ముక్కు పక్కన తెడ్డును నీట్లో నిలిపి, దాన్నే ఇరుసు చేసుకుని గిర్రున తిరగాలి. లోపలివైపు భుజం కర్ర కిందికి ముడుచుకోవాలి, తల మాత్రం రెండు కర్రల మధ్యనుంచే పోవాలి. అర సెకను ముందు తిప్పితే కర్ర తగులుతుంది. అర సెకను ఆలస్యమైతే పడవ మళ్లిన నీటిని దాటి కిందికి జారిపోతుంది, ఇక మళ్లీ పైకెక్కాలి.

కర్రకు తెడ్డు తగిలినా, పడవ తగిలినా, ఒళ్లు తగిలినా రెండు సెకన్లు జరిమానా. గేటు వదిలేస్తే యాభై సెకన్లు, అంటే ఇంటికి పోయినట్టే. రెండు సెకన్లే కదా అనిపిస్తుంది. ఆ రెండు సెకన్ల ఖరీదు ఎంతో 2021 జూలై 27న టోక్యోలో జెస్సికా ఫాక్స్‌కు తెలిసింది. ఆస్ట్రేలియా అమ్మాయి, కూచుని రెండువైపులా రెక్కలున్న తెడ్డుతో నడిపే కయాక్ పోటీలో అందరికంటే పైచేయి తనదేనని లోకమంతా అనుకుంటున్న రోజులు. ఫైనల్లో నీళ్లమీద ఆమెకు పట్టింది 102.73 సెకన్లు. కానీ రెండుసార్లు కర్ర తగిలి, నాలుగు సెకన్లు కలిశాయి. ఒక్క కర్రా తగలకుండా 105.50లో వచ్చిన జర్మనీ రికార్డా ఫుంక్ స్వర్ణం ఎత్తుకుపోయింది. ఫాక్స్‌కు కాంస్యం. రెండు రోజుల తర్వాత, ఒలింపిక్స్‌లో మొదటిసారి పెట్టిన మహిళల కెనోలో, అంటే మోకాళ్లమీద కూచుని ఒకవైపే రెక్క ఉన్న తెడ్డుతో నడిపే పోటీలో, అదే ఫాక్స్ ఒక్క కర్రకూ తగలకుండా వచ్చి గెలిచింది. మూడేళ్లకు పారిస్‌లో రెండూ తనవే అయ్యాయి. ఆ పారిస్‌లోనే కొత్తగా పెట్టిన కయాక్ క్రాస్ అనే పోటీని చెల్లెలు నోయెమీ గెలిచింది. తండ్రి రిచర్డ్ ఫాక్స్ ప్రపంచ ఛాంపియన్. తల్లి మిరియమ్ 1996 ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ తరఫున కాంస్యం తెచ్చిన మనిషి, కూతురికి కోచ్ కూడా ఆవిడే. ఇంటిల్లిపాదికీ ఇదే యావ.

పనివాడి కంటికి నచ్చే ముచ్చట ఇంకొకటి. టోక్యోలో ఫాక్స్ కయాక్ ముక్కు దెబ్బతింది. కార్బన్ అతుకు వేసి, అది నున్నగా అంటుకోవడానికి పైన కండోమ్ తొడిగి లాగారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, జనం నవ్వుకున్నారు. వర్క్‌షాపు మనిషి నవ్వడు, సాగుతుంది, బిగుతుగా పడుతుంది, భేషైన పని అంటాడు.

ఇక తెలియని దారికి సాధన ఎలా? దీనికి ఒకప్పటి తూర్పు జర్మనీ వాళ్లు ఘనమైన జవాబే చెప్పారు. స్లాలమ్ మొదటిసారి ఒలింపిక్స్‌కెక్కింది 1972లో, మ్యూనిక్ క్రీడల్లో. పోటీ జరిగింది ఆగ్స్‌బర్గ్‌లో, ఐస్కనాల్ అనే కాంక్రీటు కాలువలో. అది పశ్చిమ జర్మనీ గడ్డ. తూర్పువాళ్లు ఆ కాలువ ఒంపుసొంపులన్నీ పట్టుకుని, తమ దేశంలో జ్వికావ్ దగ్గర అచ్చం అలాంటిదే కట్టేశారు. అందులో ఆటగాళ్లను తిప్పి తిప్పి ఆగ్స్‌బర్గ్‌కు తెచ్చారు. ఉన్నవి నాలుగు స్వర్ణాలు. నాలుగూ వాళ్లవే. అది అన్యాయమని అప్పట్లో గింజుకున్నవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. వాళ్లు కాపీ కొట్టింది నీటిని. కర్రలు ఎక్కడ వేలాడతాయో వాళ్లకూ తెలియదు. నీటి పోకడ ముందే ఒంటికి పట్టి ఉంది కాబట్టి కర్రలు ఎక్కడ పెట్టినా వెతుక్కోలేదు. ఈనాటి జట్లు చేసేదీ అదే, చాటుగా కాకుండా బాహాటంగా. ఒలింపిక్ కాలువ తెరవగానే పడవలు వేసుకుని వెళ్లి, కేటాయించిన గంటల్లో ఆ నీళ్లలో మునిగి తేలుతారు.

ఆగ్స్‌బర్గ్ తర్వాత స్లాలమ్ ఇరవై ఏళ్లు ఒలింపిక్స్‌లో లేదు. 1992 బార్సిలోనా క్రీడలతోనే తిరిగొచ్చింది. కాలువ కట్టాలంటే డబ్బు మాటలా?

మా ప్రాంతానికి ఒలింపిక్స్ సాధన అంటే విలువిద్యే. టాటా ఆర్చరీ అకాడమీ 1996 నుంచీ ఉంది. దీపికా కుమారి 2005లో మొదట చేరింది మా జిల్లాలోని ఖర్సావాన్ అకాడమీలో, మరుసటి ఏడాది జంషెడ్‌పూర్‌కు వచ్చింది. నాలుగు ఒలింపిక్స్ ఆడింది. ఆమె గురి 70 మీటర్ల దూరంలో, 122 సెంటీమీటర్ల వెడల్పు చక్రంమీద. ఇక్కడైనా, లండన్‌లోనైనా, పారిస్‌లోనైనా ఆ కొలతలు మారవు. మారేది గాలి. 2012లో ప్రపంచ నంబర్ వన్‌గా లండన్ వెళ్లి, లార్డ్స్ మైదానంలో తొలి రౌండ్‌లోనే ఓడింది. ఆ రోజు గాలి గురించి ఇక్కడి టీ కొట్ల దగ్గర ఎంత చర్చ జరిగిందో! విలుకాడికి ఒక్క గాలే మారితే ఇంత గొడవ. స్లాలమ్ మనిషికి గురి కూడా మారుతుంది, కాలికింద నేల కూడా కదులుతుంది.

   

స్లాలమ్‌లో మాత్రం మన దేశం నుంచి ఒలింపిక్స్‌కు ఇంతవరకూ ఎవరూ వెళ్లలేదు. అలాగని ఆట లేదనుకోకండి. మధ్యప్రదేశ్‌లో, చీరలకు పేరుపడ్డ మహేశ్వర్ దగ్గర నర్మద రాళ్లమధ్య అనేక పాయలుగా చీలుతుంది. దాన్ని సహస్రధార అంటారు. 2023 ఫిబ్రవరిలో ఖేలో ఇండియా యూత్ గేమ్స్ స్లాలమ్ పోటీలు జరిగింది అక్కడే. శిఖా చౌహాన్ లాంటి వాళ్లు అంతర్జాతీయ పోటీలకు వెళ్లొస్తున్నారు. పిల్లల్లో దమ్ముంది.

మరి కాలువ కట్టించరేమని మేనల్లుడి గోల. సిడ్నీ దగ్గర పెన్రిత్‌లో 2000 ఒలింపిక్స్‌కు కట్టిన కాలువ పొడవు 320 మీటర్లు, వాలు అయిదున్నర మీటర్లు. ఫాక్స్ సాధన చేసేది అందులోనే. కింద చేరిన నీటిని పంపులతో మళ్లీ పైకి ఎత్తాలి, సెకనుకు 14 ఘనపు మీటర్లు. మన లెక్కలో దాదాపు 500 క్యూసెక్కులు. పంపులు నడిచినంతసేపే నది ఉన్నట్టు, స్విచ్ ఆపితే మడుగే. కరెంటు బిల్లు కట్టే ఏ ఫ్యాక్టరీ మేనేజరుకైనా ఆ సంఖ్య వింటే చెమటలు పడతాయి. 2028లో ఒలింపిక్స్ పెడుతున్న లాస్ ఏంజెలెస్ వాళ్లే కొత్త కాలువ కట్టడం లేదు. ఎక్కడో ఓక్లహోమా సిటీలో ఉన్నదాంట్లో స్లాలమ్ జరుపుతున్నారు.

నన్నడిగితే కాంక్రీటుకంటే ముందు రైలు ఛార్జీలు ఇవ్వాలి. ఒక్క నర్మదకే అలవాటుపడ్డ పిల్లకు నర్మద పోకడే తెలుస్తుంది. చూడని నీళ్లలో నిలవాలంటే చాలా నీళ్లు చూడాలి. రిషీకేశ్‌లో గంగ ఒకలా విరుగుతుంది, సిక్కింలో తీస్తా ఇంకోలా. కోళికోడ్ జిల్లా కోడంచేరిలో వానాకాలం వస్తే చాలు, చాలిపుళలో మలబార్ రివర్ ఫెస్టివల్ పేరుతో దేశదేశాల కయాకర్లు దిగుతారు. జంషెడ్‌పూర్‌కూ నదీసాహసం తెలియనిది కాదు. టాటా స్టీల్ అడ్వెంచర్ ఫౌండేషన్‌ను నడిపిన బచేంద్రీ పాల్ 1994లో పద్దెనిమిదిమంది ఆడవాళ్ల జట్టును మూడు రాఫ్టుల్లో హరిద్వార్ నుంచి కలకత్తాదాకా 2,155 కిలోమీటర్లు, 39 రోజులపాటు గంగమీద నడిపించింది.

"అయితే మన ఖర్కాయ్ నదిలోనే మొదలెడదాం" అన్నాడు వాడు. ఒక్క కసురు కసిరాను. ఎండల్లో రాళ్లు తేలి మోకాళ్లలోతు ఉండే ఖర్కాయ్, ఒడిశాలో డ్యాం గేట్లు ఎత్తితే రాత్రికి రాత్రే గట్టుమీది ఇళ్లలోకి వస్తుంది. దోముహానీ సంగమం దగ్గర సువర్ణరేఖ కూడా నిండుగా ఉంటే పోయే దారిలేక వెనక్కి తంతుంది. ఊరి మురుగు సరేసరి. స్లాలమ్ కాలువ పక్కన తాడు పట్టుకుని కాపలా మనుషులుంటారు, ఇక్కడ ఎవరున్నారు? గోదావరిమీద కచ్చులూరు దగ్గర 2019లో పడవ మునిగి ఏమయిందో తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? నేర్చుకోవడం నేర్పేవాళ్ల దగ్గరే మొదలు కావాలి.

టాటానగర్ నుంచి ఎర్నాకుళం బండి ఉంది. పాలక్కాడ్‌లో దిగితే కోళికోడ్ ఎంతో దూరం కాదు. ముందు వెళ్లి గట్టున నిలబడి చూసి రా, ఆ పైన తెడ్డు సంగతి అన్నాను. స్లీపర్‌లో అయితే వెళ్లనంటున్నాడు.