సీసా మీద రాయనిది

చింతపల్లిలో లెక్చరర్‌గా పనిచేసిన రోజుల్లో వారం వారం సంతకి వెళ్ళేదాన్ని. కూరలకంటే మనుషుల కోసమే ఎక్కువ. తెల్లారకముందే కొండల మీదినుంచి బయల్దేరిన ఆడవాళ్ళు పిప్పళ్ళు, పసుపు, కరక్కాయలు, చీపుళ్ళు తెచ్చి అమ్మేవాళ్ళు. ఆ డబ్బుతో ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని మళ్ళీ కొండెక్కేవాళ్ళు. సంత చివర ఒక వ్యాను ఆగి ఉండేది. దాని మీది మైకులో ఒక మగ గొంతు నీరసం, నడుంనొప్పి, తెల్లబట్ట, పిల్లలు కలగకపోవడం అంటూ జబ్బుల జాబితా చదివేది. అన్నిటికీ ఒకటే సీసా. తెల్లబట్ట అన్న మాట అంత గట్టిగా, అంతమంది మగవాళ్ళ మధ్య వినడం నాకదే మొదలు. కథలు పాఠం చెప్తూ 'బహిష్టు' అన్న మాట దగ్గర గొంతు తగ్గించేదాన్ని నేను.

ఒకరోజు ఒక పెద్దామె ఆ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఇందులో ఏటుందని రాసారమ్మా?" అంది. తిప్పి తిప్పి చదివాను. ఏమేం తగ్గుతాయో చుట్టూ రాశారు. ఏమేం కలిపారో ఒక్క ముక్క లేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ మూత తీసి వాసన చూసింది. "కరక్కాయుంది. ఇంకేటో తియ్యగుంది" అని సీసా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. అప్పటికే డబ్బిచ్చేసింది కదా.

ఆవిడ ప్రశ్న నన్ను మా అమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. మా ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఎప్పుడూ ఒక సీసా ఉండేది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. దాని మీద తలవంచుకుని నవ్వే ఇల్లాలి బొమ్మ. అమ్మకి నెలలో పదిహేను రోజులు రక్తం పోయేదని మాకెవరికీ తెలియదు. రెండేళ్ళు ఆ సీసాలు తాగింది. చివరికి గర్భసంచిలో గడ్డలని తేలి ఆపరేషన్ చేసేనాటికి ఒంట్లో రక్తం లేదు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కసురుకుంటే, "మందు వాడుతూనే ఉన్నానండీ" అంది అమ్మ. ఆమెది మూఢత్వం అని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడలా అనుకోలేను. ఆ ఇంట్లో, ఆ వీధిలో ఆమె బాధని పేరుపెట్టి పలికింది ఆ సీసా ఒక్కటే. భర్త అడగలేదు, కూతుళ్ళం అడగలేదు. అడిగినదాన్ని ఆమె నమ్మింది.

అందుకే ఈ మందుల ప్రకటనల్ని మోసం అని ఒక్క మాటతో కొట్టిపారేయకుండా, కథల్నీ కవితల్నీ చదివినంత శ్రద్ధగా చదవాలనిపిస్తుంది.

ఇవి బాగా విస్తరించింది విక్టోరియా కాలపు ఇంగ్లండ్, అమెరికాల్లో. 'పేటెంటు మందు' అన్న పేరే తప్పుదారి పట్టిస్తుంది. పేటెంటు కావాలంటే తయారీ విధానం బయటపెట్టాలి. ఈ వ్యాపారుల్లో చాలామంది ఆ పని చేయనేలేదు. వాళ్ళకి కావలసింది ఒక పేరు, ఒక బొమ్మ, ఒక రహస్యం. 1783లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ మందుల మీద స్టాంపు పన్ను వేసింది. పన్ను కట్టినందుకు అంటించిన స్టాంపుని చూసి, ప్రభుత్వమే మందుని మెచ్చిందని జనం అనుకున్నారు. బీచమ్స్ మాత్రలు డబ్బా ఒక్కింటికి గినీ విలువ చేస్తాయని ఊరూరా ప్రకటనలు. 1909లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఇలాంటి రహస్య ఔషధాలను పరీక్షించి పుస్తకం వేసింది. బీచమ్స్ మాత్రల్లో తేలినవి ముసాంబరం, అల్లం, సబ్బు. పళ్ళొచ్చే పిల్లల ఏడుపు మాన్పుతుందని అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్‌లో ఉన్నది మార్ఫిన్. పగలంతా చాకిరీ చేసి రాత్రి నిద్రలేని తల్లి ఆ సీసాకి సులువుగా దొరికింది.

వీటన్నిటిలోకీ మనం ఆగి చూడవలసింది లిడియా పింకమ్ కథ. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ పట్టణపు గృహిణి. బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసిన కుటుంబం. 1875లో, ఇల్లు గడవని స్థితిలో, స్త్రీల జబ్బులకని వంటింట్లో కాచే కషాయాన్ని అమ్మకానికి పెట్టింది. అందులో సుమారు 18 శాతం ఆల్కహాల్. ప్రకటనల్లో ఆమె ఫోటోనే వేశారు. మగ డాక్టరు ముందు నోరు విప్పలేని స్త్రీలని నాకు ఉత్తరం రాయమంది. వేలమంది రాశారు. జవాబులొచ్చాయి. కంపెనీ వేసిన చిన్న పుస్తకాల్లో స్త్రీ శరీరం గురించి ఆ రోజుల్లో మరెక్కడా దొరకని సమాచారం ఉండేది. ఆమె 1883లో చనిపోయింది. ఉత్తరాలకి జవాబులు మాత్రం ఆగలేదు. 1905లో లేడీస్ హోమ్ జర్నల్ సంపాదకుడు ఎడ్వర్డ్ బాక్ ఆమె సమాధిరాయి ఫోటో అచ్చువేశాడు. ఇరవై ఏళ్ళకి పైగా స్త్రీలు తమ రహస్యాలు ఒక చనిపోయిన మనిషికి రాస్తూ వచ్చారు.

రహస్యం చెప్పుకున్నందుకు ఏమవుతుందో లండన్‌లో జరిగిన ఇంకో కథ చెబుతుంది. ఆగిన నెలసరిని తెప్పిస్తాయని ప్రకటిస్తూ క్రైమ్స్ అనే ఇంటిపేరున్న అన్నదమ్ములు మాత్రలు అమ్మారు. ఆ మాటకి అర్థం కొనేవాళ్ళకీ తెలుసు, అమ్మేవాళ్ళకీ తెలుసు. వేలమంది స్త్రీలు డబ్బు పంపి తెప్పించుకున్నారు. ఆ తర్వాత వాళ్ళకి ఉత్తరాలొచ్చాయి. గర్భం తీయించుకోవాలని చూశావు, రెండు గినీలు పంపకపోతే కేసు పెడతామని. కొన్నప్పుడు రాసుకున్న చిరునామాలే బెదిరించడానికి పనికొచ్చాయి. చాలామంది స్త్రీలు భయపడి కట్టారు. 1898లో ఆ అన్నదమ్ములకి జైలుశిక్ష పడింది.

ఇక మన సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టింది 1893లో. అప్పటికింకా విక్టోరియాయే రాణి. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి వచ్చాయి. ఆధునిక తెలుగు సాహిత్యం చాలావరకు ఆ పసుపు సీసా నీడలో పెరిగింది. ఈ సంగతి మనం గర్వంగానే చెప్పుకుంటాం. చెప్పుకోనిది రెండో సీసా గురించి. మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి నడిపిన కేసరి కుటీరం నుంచి వచ్చిన 'లోధ్ర' స్త్రీల గర్భాశయ వ్యాధుల మందుగా పేరు పొందింది. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు. మన తూర్పు కనుమల్లోనూ పెరుగుతుంది. దాని బెరడును స్త్రీల రక్తస్రావానికి వాడటం ఆయుర్వేదంలో ఎప్పటినుంచో ఉంది. ఆ కేసరిగారే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టారు. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' వచ్చింది అందులోనే. రచయిత్రులకి గృహలక్ష్మి స్వర్ణకంకణం ఇచ్చే సంప్రదాయం 1934లో ఆమెతోనే మొదలైంది.

ఆ కంకణంలో బంగారం ఎక్కడిది? ఈ ప్రశ్న కేసరిగారిని తక్కువ చేయడానికి కాదు. స్త్రీల రాతకి చోటిచ్చి, గౌరవించి, డబ్బు పెట్టిన మనిషి ఆయన. లోధ్ర పనిచేసిందా లేదా అన్నదీ నా చర్చ కాదు. రాసే స్త్రీకి దొరికిన పేజీకి, మందు కొనే స్త్రీ ఒంట్లోని నొప్పికి ఒక లెక్క ఉందని మన సాహిత్య చరిత్ర గుర్తించాలంటున్నాను. బహుమతి పొందిన స్త్రీ పేరు మనకి తెలుసు. సీసాలు కొన్న స్త్రీల పేర్లు ఎక్కడా లేవు.

ఇందులో నా తప్పూ ఉంది. పరిశోధన చేసే రోజుల్లో లైబ్రరీలో పాత స్త్రీల పత్రికల్లోంచి వ్యాసాలు, లేఖలు మాత్రం జిరాక్సు తీయించుకున్నాను. ప్రకటనల పేజీలు వదిలేశాను. పేజీకి ఇంత అని లెక్క కదా, డబ్బు దండగ అనుకున్నాను. సాహిత్యం ఏది, కాదు ఏది అన్న గీత నేనే గీశాను. ఆ గీతకి అవతల మా అమ్మలాంటి వాళ్ళు చదివినదంతా ఉండిపోయింది.

రెండిటినీ పక్కపక్కన పెడితే ఏం కనిపిస్తుంది? శారద లేఖలు ఒక స్త్రీ తన స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో ఉంటాయి. మందుల ప్రకటనల్లో వచ్చే యోగ్యతాపత్రాలూ ఉత్తరాలే. రెండింటిలోనూ 'నేను' అంటూ మాట్లాడేది స్త్రీ. తేడా ముగింపులో ఉంది. లేఖలో ఒక సంగతి నుంచి ఇంకో సంగతికి, ఒక సందేహం నుంచి ఇంకో సందేహానికి దారి ఉంటుంది. యోగ్యతాపత్రానికి ఒకటే దారి. ఏళ్ళ తరబడి బాధ, ఎందరో వైద్యులు, ఈ సీసా, ఇప్పుడు ఆరోగ్యం, ఒడిలో బిడ్డ. పన్నెండేళ్ళకే కాపురం, ఏడాదికో కాన్పు, అందరూ తిన్నాక మిగిలింది తినడం, ఇవేవీ జబ్బుకి కారణాలుగా ఆ కథలోకి రావు. ఆనాటి పత్రికల్లో మగవాళ్ళ సుఖవ్యాధులకూ మందుల ప్రకటనలుండేవి. స్త్రీల తెల్లబట్టకీ ఉండేవి. భర్త జబ్బు భార్యకి అంటుకుంటుందని ఒక ప్రకటన ఇంకో ప్రకటనతో చెప్పదు. మొగుడూ పెళ్ళాలు చెరో సీసా కొనుక్కుంటారు. ఇద్దరి మధ్యా మాట లేకపోవడమే వ్యాపారానికి పెట్టుబడి.

స్వతంత్రం వచ్చాక 1954లో అభ్యంతరకర ప్రకటనలను నిషేధిస్తూ ఔషధాలు, మాయచికిత్సల చట్టం వచ్చింది. అవసరమైన చట్టమే. కానీ దాన్నీ ఆడకళ్ళతో చదవాలి. బహిష్టు దోషాలు సరిచేస్తామన్న ప్రకటన, గర్భస్రావం ప్రకటన, గర్భనిరోధం ప్రకటన, అన్నిటినీ ఒకే సెక్షన్ కింద ఆపింది. జబ్బుల పట్టికలో 'సాధారణంగా స్త్రీల వ్యాధులు' అన్నది ఒక అంశం! నడుంనొప్పి నుంచి కాన్సర్ దాకా సీసా ఎలా ఒకే మూట కట్టిందో, చట్టమూ అలాగే కట్టింది. అబద్ధాన్ని ఆపబోయి మాటనే ఆపింది. అబద్ధం మాత్రం ఆగలేదు. తప్పుదారి పట్టించే ప్రకటనల కేసులో 2024లో పతంజలి సంస్థ పత్రికల్లో బహిరంగ క్షమాపణ వేయాల్సి వచ్చింది. సంతలో మైకుకి అలాంటి రోజు రాలేదు.

మాట ఆపకుండా అబద్ధం ఆపిన రాతలు మనకున్నాయి. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ 'ప్రసూతి - శిశుపోషణ' రాసి స్త్రీ శరీరాన్ని తెలుగులో స్త్రీలకే వివరించింది. స్త్రీశక్తి సంఘటన మిత్రుల కృషితో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మరో అడుగు వేసింది. ఈ మందులో ఏముంది, ఎందుకిస్తున్నారు, వద్దంటే ఏమవుతుంది అని డాక్టర్ని ఎలా అడగాలో నేర్పింది. నా దృష్టిలో అది యోగ్యతాపత్రానికి మన జవాబు. అయితే అది చదువొచ్చిన స్త్రీ చేతికి అందే జవాబు. చింతపల్లి సంతకి అది చేరలేదు. చేరవేయగలిగిన ఉద్యోగంలో నేనే ఉన్నాను, చేరవేయలేదు.

ఆ పెద్దామెని నేను అడగవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. నీకేం బాధ, ఎన్నాళ్ళనుంచి అని. చదువుకున్నదాన్ని కనుక లేబుల్ చదివిపెట్టాను. మైకులో మగ గొంతు అడిగినపాటి నేను అడగలేకపోయాను. ఆమె కరక్కాయలమ్మి వచ్చిన డబ్బుతో కరక్కాయ నీళ్ళు కొనుక్కుని కొండెక్కిపోయింది.

ఈమధ్య ఒక విద్యార్థిని పాత స్త్రీల పత్రికల మీద పరిశోధన చేస్తానంటూ వచ్చింది. అట్ట నుంచి అట్ట దాకా ఒక్క పేజీ వదలకుండా ఫోటోలు తీసుకోమన్నాను. "ప్రకటనలు కూడానా మేడమ్?" అంది. ముందు అవే చదవమన్నాను.