వృత్తి విద్యా? కులవృత్తి విద్యా?

చేతికి పని నేర్పే చదువు కావాలి, దాంతో పరిశ్రమలొస్తాయి, కుర్రాళ్లు యజమానులవుతారు అంటున్నారు. ఈ మాటను మేమూ కాదనం. మా పేచీ అల్లా ఒక్కటే. ఎవరి బిడ్డకు ఏ పని నేర్పాలో తేల్చేదెవరు?

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన ప్రాథమిక విద్యా పథకం దీనికి దాపరికం లేకుండా జవాబు చెప్పింది. పల్లె బడిలో రోజుకు మూడు గంటలే పాఠాలు. మిగతా పొద్దు తండ్రి చేసే పని నేర్చుకోవాలి. అంటే చాకలి పిల్లవాడు రేవుకి, మాదిగ పిల్లవాడు లంద దగ్గరికి. మరి పురోహితుడి కొడుకో? వాడికి తండ్రి పనే చదువు గదా! పెరియార్ దీన్ని కులవిద్య అని ఎండగట్టారు. 1954లో రాజాజీ గద్దె దిగారు, కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు.

ఆలోచన మాత్రం చావలేదు. 2023 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన విశ్వకర్మ పథకం జాబితాలో 18 వృత్తులున్నాయి. చెప్పులు కుట్టేవాళ్లు, మంగళ్లు, చాకళ్లు, కుమ్మర్లు అందులో ఉన్నారు. గురుశిష్య పరంపరను, కుటుంబాల్లో వచ్చే నేర్పును బలపరచడం తన ఆశయమని ఆ పథకమే రాసుకుంది. కొద్దిరోజుల శిక్షణ, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. నెలకు నూటికి మూడు, ఐదు కట్టే వాళ్లకు ఇది ఊరటే, కాదనం. కానీ తరాలుగా చెప్పులు కుట్టేవాడికి చెప్పులు కుట్టడమా నేర్పేది? కుటుంబ వృత్తితో ముడిపెట్టినంతకాలం అమలు చెయ్యమని 2024లో తమిళనాడు ప్రభుత్వం చెప్పిందంటే దాని వెనక 1953 జ్ఞాపకం ఉంది.

మాదిగలకు తోలుపని రాదా? పచ్చితోలుకు సున్నం పెట్టి వెంట్రుక ఊడదియ్యడం, తంగేడు చెక్క, కరక్కాయ రసంలో రోజుల తరబడి నానబెట్టి పదును చెయ్యడం, ఇదంతా రసాయన శాస్త్రమే. బెరడులోని టానిన్ తోలులోని మాంసకృత్తులను పట్టుకొని అది కుళ్లకుండా కాపాడుతుంది. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ పెట్టకముందు నుంచీ లంద దగ్గర ఈ శాస్త్రం నడుస్తూనే ఉంది. ఆ నేర్పున్న వాళ్లు కర్మాగారాల యజమానులెందుకు కాలేదు? క్రోమ్ రసాయనాలు, తిరిగే డ్రమ్ములు, ఎగుమతి లైసెన్సులు వచ్చినప్పుడు పెట్టుబడి ఉన్నవాడు యజమాని అయ్యాడు, నేర్పున్నవాడు కూలి అయ్యాడు. కరెంటు మోటారొచ్చి మోట బొక్కెనను మింగింది. రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఊరి గిరాకీని మింగాయి. ఇంత జరిగినా మనవాళ్లకు నైపుణ్యం తక్కువ అంటారేం?

1950లో మొదలైన ఐటీఐ చదువు దీనికంటే మెరుగని మా అభిప్రాయం. అక్కడ మాదిగ పిల్లవాడు ఫిట్టరో, టర్నరో కావచ్చు, అంటే తండ్రి చెయ్యని పనిలోకి పోవచ్చు. 1942లో అంబేద్కర్ వైస్రాయికి ఇచ్చిన వినతిపత్రంలో ప్రభుత్వ అచ్చు కార్యాలయాల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో మన పిల్లలను అప్రెంటిసులుగా తీసుకోవాలని అడిగారు. ఊళ్లో చర్మకార కేంద్రం పెట్టమని కాదు, గమనించండి. కులం పనిని కాదు, పనివాళ్లను విడదీస్తుందని 1936లోనే చెప్పిన మనిషి మరోలా ఎట్లా అడుగుతారు?

ఇక యజమాని అయ్యే సంగతి. 2016లో వచ్చిన స్టాండప్ ఇండియా 10 లక్షల నుంచి కోటి దాకా అప్పన్నది. మొదట్లో నూటికి 25 దాకా సొంత సొమ్ము పెట్టమన్నది, 2021లో దాన్ని 15కి తగ్గించారు. భూమి లేని ఇంట్లో ఆ 15 మాత్రం ఎక్కడిది? 2012 నాటి కొనుగోలు విధానం ప్రకారం కేంద్ర శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు 4 శాతం సరుకు దళిత, ఆదివాసీల చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. ఏ సంస్థ, ఏ సరుకు, ఎంతకు కొన్నదో జిల్లాలవారీగా ఊరూరా గోడకంటించమని మేము అడుగుతున్నాం. ఆ 15 శాతాన్ని ప్రభుత్వమే వాటాగా పెట్టాలని, పారిశ్రామికవాడల్లో స్థలం ముందు మన పిల్లలకే ఇవ్వాలని కూడా అడుగుతున్నాం.